పశువైద్య పాథాలజీ: అపోహలు – వాస్తవాలు

గరివిడి పశువైద్య కళాశాలలో చదివే పిల్లలు, వాళ్లను చేర్పించిన తల్లిదండ్రులు, చీపురుపల్లి నుంచి టెక్కలి దాకా పశువును పోగొట్టుకున్న రైతులు – పాథాలజీ (రోగంవల్ల శరీరంలో ఏం మారిందో చూసే శాస్త్రం) గురించి వీళ్లందరూ అనుకునే మాటలు కొన్ని ఒకేలా ఉంటాయి. వాటిలో కొన్నింటివల్ల పరీక్షలో మార్కులు పోతాయి, అంతే. కొన్నింటివల్ల మనుషుల ప్రాణాలే పోతాయి. ఈ సబ్జెక్టులో తప్పులు మైక్రోస్కోపు దగ్గర జరిగేవి తక్కువ. కళేబరం పక్కన, నమూనా సీసా దగ్గర జరిగేవే ఎక్కువ. అందుకే ఇక్కడ ఎక్కువ చోటు వాటికే ఇచ్చాం.

అపోహ: పశువు చచ్చిపోతే వెంటనే కోసి చూడాలి.

త్వరగా చూడాలన్నది నిజమే. కానీ కత్తి తీసేముందు కళేబరం చుట్టూ ఒకసారి తిరగాలి. నిన్న సాయంత్రం దాకా మేత మేసిన పశువు తెల్లారేసరికి చచ్చి పడి ఉందా? ముక్కు, నోరు, మలద్వారం నుంచి నల్లటి, గడ్డకట్టని రక్తం కారుతోందా? పొట్ట విపరీతంగా ఉబ్బిందా? కాళ్లు పూర్తిగా బిగుసుకోలేదా? ఇవి కనిపిస్తే దొమ్మ రోగం, అంటే ఆంత్రాక్స్ అని అనుమానించాలి. ఆ కళేబరాన్ని కోయకూడదు.

కారణం సూక్ష్మజీవి స్వభావంలోనే ఉంది. మూసి ఉన్న కళేబరం లోపల ఆక్సిజన్ ఉండదు కాబట్టి ఆంత్రాక్స్ బాసిల్లై (కడ్డీ ఆకారపు బాక్టీరియా) స్పోర్లుగా (విత్తనాల్లాంటి గట్టి రూపంగా) మారలేవు. లోపలి కుళ్లుకే కొన్ని రోజుల్లో నశిస్తాయి. కోశామంటే గాలి తగిలి స్పోర్లు ఏర్పడతాయి, అవి ఆ మట్టిలో దశాబ్దాల పాటు బతికే ఉంటాయి. స్పోరు నుంచి బాసిల్లస్, బాసిల్లస్ నుంచి మళ్లీ స్పోరు అనే ఈ చక్రాన్ని రాబర్ట్ కోక్ 1876లోనే చూపించాడు. మన పక్కనున్న విశాఖ మన్యంలో చనిపోయిన పశువు మాంసం కోసి, పంచుకుని తిన్న గ్రామాల్లో మనుషులకు చర్మపు ఆంత్రాక్స్ సోకిన సంఘటనలు ఉన్నాయి. సాలూరు, పార్వతీపురం వైపు ఇంటర్న్‌షిప్‌కి వెళ్లే పిల్లలు ఈ ఒక్క విషయం మరిచిపోకుండా ఉంటే చాలు.

మరి నిర్ధారణ ఎలా? చెవి కొసన చిన్న గాటు పెట్టి, చెవి సిర నుంచి ఒక్క చుక్క రక్తంతో గాజు స్లైడు మీద రెండు మూడు పల్చటి స్మియర్లు (రక్తపు పూతలు) తీయాలి. గాటు మీద క్రిమినాశకంలో తడిపిన దూది గట్టిగా పెట్టాలి. ముక్కు, నోరు, మలద్వారం కూడా అలాగే మూసెయ్యాలి. స్మియర్‌ని పాలీక్రోమ్ మిథిలీన్ బ్లూతో రంగు వేస్తే, చివరలు నలుచదరంగా ఉన్న నీలం బాసిల్లై, వాటి చుట్టూ గులాబీ రంగు పొర కనిపిస్తాయి. ఆ గులాబీ పొరే మెక్‌ఫాడియన్ రియాక్షన్. చచ్చి ఒక రోజు దాటితే ఈ పొర సరిగ్గా కనిపించదు, కుళ్లు బాక్టీరియా కూడా కలిసి గందరగోళపెడతాయి. కాబట్టి తొందర పడాల్సింది స్మియర్ కోసం, కోత కోసం కాదు. కళేబరాన్ని కాల్చడం ఉత్తమం. వీలుకాకపోతే బావికీ, పచ్చికకీ దూరంగా, కనీసం 6 అడుగుల లోతున పూడ్చాలి.

అపోహ: లోపల నల్లగానో పచ్చగానో కనిపించిందంటే విషం పెట్టినట్టే.

"ఎవులో మందెట్టీసినారు బాబూ" అనే మాట ప్రతి ఊళ్లోనూ వినిపిస్తుంది. రైతు బాధలో అనే మాట అది, దాన్ని తీసిపారేయకూడదు. అలాగని చూడకుండా ఒప్పుకోకూడదు. ఎందుకంటే ప్రాణం పోయాక శరీరం ఊరుకోదు. రుమెన్‌లో (పశువు పెద్ద పొట్టలో) పులియడం ఆగదు, ఎంజైములు పని చేస్తూనే ఉంటాయి. మే నెల ఎండలో అయితే నాలుగైదు గంటల్లోనే కళేబరం రూపు మారిపోతుంది. ఈ మార్పులను రోగ లక్షణాలుగా పొరబడటం చదువుకునే పిల్లలు చేసే తప్పుల్లో మొదటిది.

రుమెన్ లోపలి పొర చేత్తో లాగితే పొరలు పొరలుగా ఊడి వస్తుంది. ఇది యాసిడో మందో పోసినందువల్ల కాదు, చచ్చిన కొన్ని గంటలకు మామూలుగా జరిగేదే. పిత్తాశయం ఆనుకుని ఉన్న కార్జం, పేగు ఆకుపచ్చగా ఉంటే అది పిత్తం ఊరి అంటిన రంగు. పశువు ఏ పక్క పడి ఉందో ఆ పక్క ఊపిరితిత్తి మాత్రమే ముదురు ఎరుపుగా ఉంటే రక్తం కిందికి దిగిందని అర్థం, న్యుమోనియా కాదు. శ్వాసనాళంలో నురగ చాలా కారణాలతో చచ్చిన పశువుల్లో ఉంటుంది, అదొక్కటే పట్టుకుని ఏదీ తేల్చలేం.

కడుపుబ్బరం సంగతి మాత్రం జాగ్రత్తగా చూడాలి. చచ్చాక ప్రతి ఆవు, గేదె ఉబ్బుతుంది. బతికుండగానే ఉబ్బి చచ్చిందా అన్నది ఆహారనాళం చెబుతుంది. మెడ భాగంలో అది ఎర్రగా రక్తం నిండి, ఛాతీలోకి ప్రవేశించే చోట గీత గీసినట్టు రంగు మారి, ఛాతీ లోపలి భాగం పాలిపోయి ఉంటే పశువు ఉబ్బరంతోనే పోయిందని చెప్పొచ్చు. అందుకే ఆహారనాళాన్ని నాలుక నుంచి చివరిదాకా నిలువునా చీల్చి చూడమంటారు. చాలామంది ఆ పని చెయ్యకుండా నేరుగా పొట్టలోకి వెళ్లిపోతారు.

గుండెలో గడ్డలు కనిపిస్తే వేలితో కదపండి. మెరుస్తూ, నున్నగా ఉండి, గోడకు అంటకుండా జారి వచ్చేస్తే అవి చచ్చాక కట్టినవి. పొడిగా, మెరుపు లేకుండా, గరుకుగా ఉండి గోడకు అతుక్కుని ఉంటే అది త్రాంబస్, బతికుండగా ఏర్పడింది.

విషం అనుమానం నిజంగానే ఉంటే రుమెన్ నుంచి కనీసం అర కిలో పదార్థం, కార్జం ముక్క, మూత్రపిండం ముక్క వేర్వేరు శుభ్రమైన సీసాల్లో పెట్టాలి. ఫార్మలిన్ (ముక్కలు కుళ్లకుండా నిలిపే మందు) అసలు తగలకూడదు. పోలీసు కేసయితే సంతృప్త ఉప్పు ద్రావణంలో పెట్టి, వాడిన ఆ ద్రావణం కొంచెం విడిగా ఇంకో సీసాలో పోసి, సీలు వేసి పోలీసుల ద్వారానే పంపాలి. విడి సీసా పెట్టకపోతే విషం కళేబరంలోదా, ద్రావణంలోదా అన్న ప్రశ్నకు జవాబు ఉండదు.

అపోహ: పశువు శవపరీక్ష కండబలం ఉన్నవాళ్ల పని, ఆడపిల్లలకు కష్టం.

కత్తి పదును, కీలు ఎక్కడుందో తెలియడం – ఈ రెండే కావాలి. ఆవునీ గేదెనీ ఎడమ పక్కకు పడుకోబెడతాం, రుమెన్ కిందికి ఉంటే మిగతా అవయవాలు సులువుగా అందుతాయి. గుర్రాన్ని కుడి పక్కకు, కుక్కనీ మేకపిల్లనీ వెల్లకిలా. తుంటి కీలు గుంతలో ఉండే గుండ్రటి లిగమెంటు తెగితే వెనక కాలు దానంతట అదే వాలిపోతుంది. దాంతో బలానికి పని ఉండదు.

అపోహ: ఫార్మలిన్ ఎంత ఘాటుగా ఉంటే ముక్క అంత బాగా నిలుస్తుంది.

ప్రయోగశాలకు వచ్చే నమూనాల్లో పనికిరానివి ఎక్కువగా ఇక్కడే పాడవుతాయి. దుకాణంలో దొరికే ఫార్మలిన్‌లో ఫార్మాల్డిహైడ్ 37 నుంచి 40 శాతం ఉంటుంది. దాన్ని అలాగే పోస్తే ముక్క పైపొర ఒక్కసారిగా గట్టిపడి, మందు లోపలికి దిగక మధ్యలో కుళ్లిపోతుంది. మనకు కావాల్సింది 10 శాతం బఫర్డ్ ఫార్మలిన్. ఒక లీటరుకు ఫార్మలిన్ 100 మి.లీ., డిస్టిల్డ్ వాటర్ 900 మి.లీ., సోడియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ మోనోహైడ్రేట్ 4 గ్రాములు, నీరు లేని డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ 6.5 గ్రాములు. బఫర్ కలపకపోతే ద్రావణం ఆమ్లంగా మారి, రక్తం ఎక్కువగా ఉన్న చోట గోధుమ-నలుపు రేణువులు పడతాయి. కొత్తవాళ్లు స్లైడు మీద వాటిని చూసి ఏదో పిగ్మెంటు రోగమని రాసేస్తారు.

ముక్క మందం 5 మి.మీ. దాటకూడదు. ఫార్మలిన్ గంటకు ఇంచుమించు 1 మి.మీ. మాత్రమే లోపలికి దిగుతుంది, ఆలోపు లోపలి భాగం తనను తానే జీర్ణం చేసుకుంటూ ఉంటుంది. ముక్కకు పది రెట్లు ఫార్మలిన్ ఉండాలి. దెబ్బతిన్న భాగం, పక్కనున్న బాగున్న భాగం రెండూ ఒకే ముక్కలో వచ్చేలా కోయాలి, వాటి సరిహద్దులోనే అసలు కథ ఉంటుంది. ఊపిరితిత్తి తేలుతుంది కాబట్టి పైన దూది కప్పాలి. పేగు ముక్కను తెరిచి, లోపల ఫార్మలిన్ మెల్లగా పోయాలి.

సీసా మూతి వెడల్పుగా ఉండాలి. సెలైన్ సీసాలో మెత్తటి కార్జాన్ని కుక్కి పంపిస్తారు. అది గట్టిపడ్డాక బయటికి రాదు, సీసా పగలగొట్టాల్సి వస్తుంది. చీటీ మీద పెన్నుతో రాయొద్దు, పెన్సిల్‌తో రాసి లోపలే వేయండి. పెన్ను సిరా తడికే చెదిరిపోతుంది, మిగిలినది స్లైడు తయారీలో వచ్చే ఆల్కహాల్, జైలీన్ దశల్లో కరిగిపోతుంది. ఫార్మలిన్ ముక్కలను ఐసులో గడ్డకట్టించకూడదు, మంచు పలుకులు కణాలను చీల్చేస్తాయి.

బాక్టీరియా, వైరస్ పరీక్షలకు లెక్క పూర్తిగా తిరగబడుతుంది. అక్కడ ఫార్మలిన్ వద్దు, చల్లదనమే కావాలి. ఇచ్ఛాపురం నుంచో రాజాం నుంచో నమూనా బయలుదేరుతుంటే చేపలు పంపే థర్మకోల్ పెట్టెను కడిగి, ఐసు ప్యాకెట్లు వేసి వాడుకోవచ్చు. పేగులు తెరవకముందే ఈ నమూనాలు తీసేయాలి. పేగు ఒక్కసారి తెరిచాక కత్తి, చేతులు, బల్ల అన్నీ కలుషితమే.

అపోహ: ఒక లీజన్ (రోగంవల్ల అవయవంలో కనిపించే మార్పు) చూస్తే ఒక రోగం పేరు చెప్పెయ్యొచ్చు.

కోడి ప్రొవెంట్రిక్యులస్ (గిజర్డ్‌కు ముందుండే గ్రంథుల పొట్ట) గ్రంథుల కొసల మీద రక్తపు చుక్కలు కనిపించగానే "కొక్కెర తెగులు" (రాణిఖేత్) అని రాసేస్తారు. బర్డ్ ఫ్లూలోనూ అవే చుక్కలు రావచ్చు. గంబోరో అనే కోళ్ల వైరస్ జబ్బులో ప్రొవెంట్రిక్యులస్, గిజర్డ్ (కండర పొట్ట) కలిసే చోట రక్తస్రావం ఉండొచ్చు. అందుకే బర్సా (కోడి మలద్వారం దగ్గరుండే రోగనిరోధక అవయవం) తెరిచి చూడాలి. గంబోరోలో అది మొదట నీరు పట్టి ఉబ్బుతుంది, తర్వాత కుంచించుకుపోతుంది. ఏ రోజు చూశాం అన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది.

తిరగేసి చూసినా అంతే. మెదడులో నెగ్రీ బాడీలు (రేబిస్‌లో మెదడు కణాల్లో ఏర్పడే చిన్న గుండ్రటి మచ్చలు) కనిపించలేదని రేబిస్ లేదనకూడదు. రేబిస్‌తో చచ్చిన జంతువులన్నిటిలో అవి దొరకవు, ఫ్లోరసెంట్ యాంటీబాడీ పరీక్షే ప్రామాణికం. గాలికుంటు వచ్చిన మందలో దూడ నోట్లో పుండే లేకుండా హఠాత్తుగా చస్తే గుండె కోయండి. కండరంలో పసుపు-బూడిద చారలు కనిపిస్తాయి. టైగర్ హార్ట్ అంటారు దాన్ని. జబ్బవాపులో పైకి వాపు లేకపోవచ్చు, తొడ, భుజం కండరాలను లోతుగా అడ్డకోతలు కోస్తే నల్లగా, పొడిగా, గాలి బుడగలతో ఉన్న భాగం బయటపడుతుంది. పాలజ్వరంతో పోయిన ఆవులో, లేత జొన్న పిలకలు మేసి సయనైడ్‌తో పోయిన పశువులో కంటికి కనిపించే లీజన్ దాదాపు ఉండదు. చివరిదానిలో రక్తం మాత్రం తాజా ఎరుపుగా మెరుస్తూ ఉంటుంది.

అపోహ: పాథాలజీ అంతా బట్టీ.

పేర్లు బట్టీ పడితే వచ్చేస్తాయి. వర్ణించడం అలా రాదు, అదే కష్టం. "లివర్ పెద్దదిగా, బాగోలేదు" అని రాస్తే సున్నా. చెరువు గట్ల మీద మేసే గేదె కార్జం ఇలా రాయాలి: అంచులు మొద్దుబారాయి. పైపొర అక్కడక్కడా తెల్లగా మందమైంది. ఎడమ లోబులో పిత్తనాళాలు 1 నుంచి 1.5 సెం.మీ. వెడల్పున ఉబ్బాయి. కత్తి పెడితే కరకరమంది. లోపల ముదురు గోధుమ రంగు ద్రవం, చదునైన పొడవాటి పురుగులు. ఇంత రాశాక "కార్జపు జలగ" అని చివర్న రాయకపోయినా చదివినవాళ్లకు తెలిసిపోతుంది. ఎక్కడ, ఎన్ని, ఎంత పరిమాణం, ఏ రంగు, ఏ ఆకారం, గట్టిదా మెత్తదా, కోస్తే లోపల ఎలా ఉంది – ఈ వరుస తప్పకుండా రాసే అలవాటు పడితే, ఎప్పుడూ చూడని రోగాన్ని కూడా కాగితం మీద పెట్టగలుగుతారు.

అపోహ: పీసీఆర్ (వైరస్ జన్యు పదార్థాన్ని పట్టే పరీక్ష) వచ్చాక మైక్రోస్కోపు అవసరం తీరిపోయింది.

లసోటా టీకా వేసిన కోడిలో కూడా రాణిఖేత్ వైరస్ పీసీఆర్‌లో పాజిటివ్ రావచ్చు. లసోటా బతికున్న వైరస్ టీకా కాబట్టి. వైరస్ ఉందని పీసీఆర్ చెబుతుంది, ఆ కోడి దానివల్లే చచ్చిందా అన్నది కణజాలం చెబుతుంది. రెండూ కావాలి.

అపోహ: చేతికి గ్లవ్స్ ఉంటే చాలు.

చాలవు. ఈసుకుపోయిన (నెలలు నిండకుండా పడిపోయిన) దూడనీ మాయనీ ఒట్టి గ్లవ్స్‌తో ముట్టుకుని బ్రూసెల్లా (పశువుల్లో గర్భస్రావం తెచ్చే బాక్టీరియా) తెచ్చుకున్న పశువైద్యులు ఎందరో ఉన్నారు. మాస్కు, కళ్లద్దాలు, రబ్బరు ఏప్రాన్, గంబూట్లు తప్పనిసరి. రేబిస్ ముందస్తు టీకా 0, 7, ఆపై 21 లేదా 28వ రోజున మూడు డోసులు, పాథాలజీ ప్రాక్టికల్స్ మొదలయ్యేలోపే పూర్తి చేసుకోవాలి.

అపోహ: రోజూ ప్రాక్టీసు చేసే డాక్టరుకు పాథాలజీతో పని లేదు.

బీమా క్లెయిము దగ్గర ఈ మాట నిలవదు. నారాయణవలస, మానాపురం సంతల్లో అప్పు చేసి కొన్న గేదె పోతే రైతు చేతికి డబ్బు వచ్చేది మీ పోస్ట్‌మార్టం రిపోర్టు మీదే. అందులో చెవి పోగు 12 అంకెల నంబరు, చచ్చిన సమయం, పరీక్ష చేసిన సమయం, రెండింటి మధ్య ఎన్ని గంటలు, కళేబరం ఏ పక్క పడి ఉంది అన్నవి ముందు రావాలి. తర్వాత అవయవాల వర్ణన, ఆ తర్వాతే అభిప్రాయం. కారణం తేలకపోతే తేలలేదని రాయండి, ఏ సీసాలో ఏ ముక్క, ఎప్పుడు, ఎక్కడికి పంపారో కింద రాసి సంతకం పెట్టండి. ఊహించి రాసిన కారణం ప్రయోగశాల ఫలితంతో సరిపోకపోతే క్లెయిము ఆగిపోతుంది, నష్టపోయేది ఆ రైతే.