ఆ బియ్యంలో ప్లాస్టిక్ లేదమ్మా: అంగన్‌వాడీలో రోజూ వినే అపోహలు

చీపురుపల్లి దగ్గర ఒక ఊళ్లో అంగన్‌వాడీ టీచర్‌గా పనిచేస్తున్నాను. బియ్యం ఇచ్చిన రోజు సాయంత్రం ఏ అరుగు మీద చూసినా ఒకటే పని. చేటలో బియ్యం పోసుకుని, కాస్త తేడాగా కనిపించే గింజల్ని ఏరి పారేస్తుంటారు. "ఏటి మేడమ్, ప్లాస్టిక్ బియ్యం కలిపేసి ఇస్తన్నారు?" అని నన్నే నిలదీస్తారు.

అవి ప్లాస్టిక్ కావు. బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 విటమిన్ కలిపి, మెషిన్‌లో మళ్లీ బియ్యపు గింజ ఆకారంలో ఒత్తి తీసినవి. 100 కిలోల మామూలు బియ్యానికి ఒక కిలో చొప్పున కలుపుతారు. రంగు కొంచెం వేరుగా ఉంటుంది, కడిగేటప్పుడు కొన్ని పైకి తేలతాయి. ఆ తేలడం చూసే అందరికీ భయం. నోటితో చెబితే నమ్మడం లేదని ఒకరోజు వాళ్లు ఏరి పడేసిన గింజల్నే గుప్పెడు తీసుకుని అందరి ముందూ ఉడకబెట్టాను. మెత్తబడి, వేళ్ల మధ్య అన్నంలాగే నలిగాయి. ఆ తర్వాత మా వీధిలో ఏరడం తగ్గింది. పక్క వీధిలో ఇంకా ఉంది. రక్తం తక్కువున్న తల్లి కోసం కలిపిన గింజని ఆ తల్లే ఏరి కోళ్లకు వేస్తుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది. ఒక్క జాగ్రత్త: ఇంట్లో తలసీమియా, సికిల్ సెల్ జబ్బు ఉన్నవాళ్లుంటే ఈ బియ్యం గురించి డాక్టర్ని అడగండి.

"నెలనెలా గుడ్లు, పాలు ఇస్తున్నారుగా, ఇంకా రక్తహీనత ఏంటి?"

ఈ మాట చదువుకున్నవాళ్లే ఎక్కువ అంటారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో గర్భిణుల్లో సగం మందికి పైగా రక్తహీనత ఉంది. ఐదేళ్లలోపు పిల్లల్లో 100కి 31 మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. పథకాలు లేక కాదు కదా!

లెక్క చూడండి. గర్భిణికి నెలకు 25 గుడ్లు ఇంటికి ఇచ్చాం అనుకోండి. ఇంట్లో ఐదుగురుంటే మనిషికి ఐదు. నెలకు సరిపోవాల్సినవి వారంలో అయిపోతాయి. అలా అందరికీ పంచే అత్తగారిని నేను తప్పుపట్టను. నాలుగేళ్ల పెద్దపిల్ల కంచంలోకి చూస్తుంటే ఏ తల్లి గుడ్డు ఒక్కతే తినగలదు? అమృతహస్తం పథకం రోజుల్లో కేంద్రంలోనే కూర్చోబెట్టి భోజనం పెట్టేవాళ్లం. కళ్ల ముందు తినేది, అంతే. నా మటుకు నాకు ఆ పద్ధతే మంచిది. సరుకు ఇంటికి ఇచ్చినప్పుడు నేను చేసేది ఒకటే: అత్తగారి ఎదుటే, "పిన్నీ, ఈ గుడ్లు మీ మనవడివి, మీ కోడలి కడుపులోంచి వాడికి చేరాలి" అని చెబుతాను. కోడలికి విడిగా చెబితే ఆమెకు అడిగే ధైర్యం ఉండదు.

"ఎక్కువ తింటే బిడ్డ లావైపోయి ఆపరేషన్ అవుతాది"

మా దగ్గర ఏడో నెల నుంచి తిండి తగ్గించేస్తారు. తక్కువ తిన్నంత మాత్రాన కాన్పు సులువు కాదు. రెండున్నర కిలోల కంటే తక్కువ బరువుతో బిడ్డ పుట్టే ప్రమాదం పెరుగుతుంది. ఆపరేషన్‌కి కారణాలు చాలా ఉంటాయి. బిడ్డ మరీ పెద్దగా పెరగడం షుగర్ ఉన్న తల్లుల్లో ఎక్కువగా చూస్తాం, దానికి పరీక్ష ఉంది.

ఐరన్ మాత్రలు

వేసుకుంటే బిడ్డ నల్లగా పుడతాడనేది ఉత్తమాట. నల్లబడేది విరేచనం, దాంతో హాని లేదు. గర్భిణికి 180 రోజులు, కాన్పయ్యాక మరో 180 రోజులు రోజుకొకటి. టీతో వేసుకోకండి, నిమ్మరసంతో మంచిది. కాల్షియం మాత్ర వేరే పూట.

"బాలింత పప్పు తింటే చీము పడతాది"

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. కాన్పు నుంచి వచ్చిన పిల్లకి నెల రోజులు వెల్లుల్లి కారం, అన్నం. పప్పు వద్దు, ఆకుకూర వద్దు, గుడ్డు వద్దు, నీళ్లు కూడా కొలిచి ఇస్తారు. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు మామూలు కంటే రోజుకు దాదాపు 600 కేలరీలు అదనంగా కావాలి, గర్భిణిగా ఉన్నప్పటి కంటే ఎక్కువ. సరిగ్గా అప్పుడే కంచం ఖాళీ చేస్తాం. పప్పుకీ చీముకీ సంబంధం లేదు. కుట్లు మానడానికి కావలసిందే ప్రొటీన్. వెల్లుల్లి తిననివ్వండి, దాని పక్కన పప్పు కూడా పెట్టండి. సముద్రం ఒడ్డు ఊళ్లలో ఇంటిల్లిపాదీ చేపల పులుసు తింటుంటే బాలింత చారన్నం తినడం చూశాను.

ముర్రుపాలు పిండి పారబోయకండి. పుట్టిన గంటలోపు అవే పట్టాలి.

"బాలామృతం పశువుల దాణా"

వేయించిన గోధుమ, శనగపప్పు, పాలపొడి, పంచదార, నూనె కలిపిన పిండి అది. ఏడు నెలల నుంచి మూడేళ్ల పిల్లలకు, నెలకు రెండున్నర కిలోలు అంగన్‌వాడీలో ఇస్తాం. గేదెకి కలిపినవాళ్లని చూశాను. ఇంకో ఇంట్లో అవ్వ ఉండలు చుట్టి అందరికీ పంచింది.

చోడి (రాగి) జావ మంచిదే, చోళ్లలో కాల్షియం బియ్యం కంటే ఎన్నో రెట్లు. కానీ గ్లాసు నీళ్లకు చెంచా పిండి వేసి పల్చగా కాస్తే పిల్ల పొట్ట నీళ్లతోనే నిండుతుంది. ఏడాదిన్నర పిల్ల ఒకర్తి అలాంటి జావతోనే పెరిగింది. జబ్బ చుట్టూ పట్టీ పెట్టి కొలిస్తే ఎరుపు, అంటే 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువ, తీవ్ర పోషకాహార లోపం. "వాళ్లమ్మ పోలిక, సన్నగానే ఉంటాది" అన్నారు. ఆస్పత్రిలో చూపించాం. ఇంట్లో జావ చిక్కగా చేసి, చెంచా నూనె, వేరుశనగ పొడి కలిపి, రోజుకు ఐదారు సార్లు కొంచెం కొంచెంగా పెట్టించాను. మూడు నెలలకు పట్టీ పసుపులోకి వచ్చింది.

"ఊరు వదిలేస్తే మనకింకేటీ ఇవ్వరు"

మా దగ్గర నుంచి చెన్నై, హైదరాబాద్ పనులకు గర్భిణులు కూడా వెళ్తారు. అక్కడి అంగన్‌వాడీలో అడగడానికి భయపడి ఊరుకుంటారు. భయపడకండి. పోషణ్ ట్రాకర్‌లో (మేం పేర్లు నమోదు చేసే యాప్) ఉన్న పేరును ఇక్కడి కేంద్రం నుంచి అక్కడి కేంద్రానికి మార్చుకునే వీలుంది. రైలెక్కే ముందు ఆధార్, తల్లీబిడ్డల కార్డు సంచిలో పెట్టుకోండి, మీ టీచర్‌కి ఒక మాట చెప్పండి.