గ్వాంటనామో: బొగ్గు కోసం రాసిన కౌలు

2025 జనవరి 29న అమెరికా అధ్యక్షుడు ట్రంప్ గ్వాంటనామోలో 30,000 మంది వలసదారులకు చోటు చేస్తామని ప్రకటించి ఆ మేరకు ఉత్తర్వు మీద సంతకం పెట్టారు. వారం తిరక్కుండానే, ఫిబ్రవరి 4న, మొదటి విమానం అక్కడ దిగింది. పౌరహక్కుల సంఘాలు కోర్టుకెక్కాయి. ఇక చర్చంతా షరా మామూలే: 2002లో అక్కడ తెరిచిన జైలు, నారింజ రంగు దుస్తుల ఖైదీలు, చిత్రహింసలు. కానీ క్యూబా నేల మీద అమెరికాకు అసలు స్థావరం ఎలా వచ్చింది? ఏ షరతు మీద వచ్చింది? ఇప్పటి తగువుకు మూలం అక్కడుంది.

ఐరోపా గొడవలు మనకొద్దని నూరేళ్లు చెప్పుకున్న అమెరికా 1898లో, అప్పటికి స్పెయిన్ వలసగా ఉన్న క్యూబా విషయమై స్పెయిన్‌తో యుద్ధానికి దిగి, ఆ ఏడాది తిరిగేలోపు సామ్రాజ్యమైపోయిన కథ తెలిసిందే. అమెరికా యుద్ధనౌక మెయిన్ పేలుడు, పత్రికల రెచ్చగొట్టుడు, మనీలా అఖాతంలో అమెరికా నౌకాదళ నాయకుడు డ్యూయీ విజయం పాఠ్యపుస్తకాల్లోనే ఉన్నాయి. మలుపు అక్కడే ఉందని అందరూ అంటారు. కానీ హవాయి, పోర్టోరికో, గువామ్, ఫిలిప్పీన్స్‌లను చేజిక్కించుకోవడంలో కొత్తేమీ లేదు. బ్రిటన్, ఫ్రాన్స్ అంతకుముందే చేస్తున్న పని అది. పైగా చేతులు కాలాయి. 2 కోట్ల డాలర్లిచ్చి స్పెయిన్ నుంచి రాయించుకున్న ఫిలిప్పీన్స్‌లో 1899 ఫిబ్రవరి 4న తిరుగుబాటు యుద్ధం మొదలై 4,200 మందికి పైగా అమెరికా సైనికులు పోయారు. చచ్చిన ఫిలిప్పినోల లెక్క లక్షల్లో చెబుతారు.

అసలు మలుపు 1901 మార్చి 2న వచ్చింది. ఆ రోజు అమెరికా ఒక సైనిక వ్యయ బిల్లుకు తోకలా ఎనిమిది క్లాజులు తగిలించి ఆమోదించింది. కనెక్టికట్ సెనేటర్ ఆర్విల్ ప్లాట్ పేరు మీద వాటికి ప్లాట్ సవరణ అని పేరొచ్చింది. రాతలో పెద్ద చెయ్యి మాత్రం యుద్ధ మంత్రి ఎలిహూ రూట్‌ది. నేలను సొంతం చేసుకోకుండానే ఏలవచ్చని అమెరికా నేర్చుకున్నది ఇక్కడే.

క్యూబాను కలిపేసుకునే దారి అప్పటికే మూసుకుపోయి ఉంది. 1898 ఏప్రిల్‌లో యుద్ధానికి అనుమతిచ్చిన తీర్మానంలోనే కొలరాడో సెనేటర్ హెన్రీ టెల్లర్ ఒక క్లాజు పెట్టించారు. క్యూబా మీద సార్వభౌమాధికారం, పెత్తనం చేసే ఉద్దేశం మాకు లేదు, శాంతి నెలకొన్నాక దీవిని దాని ప్రజలకే వదిలేస్తాం అని దాని సారాంశం. కలిపేసుకుంటే క్యూబా చక్కెర సుంకం లేకుండా వచ్చి కొలరాడో బీట్ దుంపల చక్కెరను ముంచుతుందనే భయంతో పెట్టారని గిట్టనివాళ్లు అంటారు. కారణం ఏదైనా మాట ఇచ్చేశారు. మాట తప్పకుండానే మాట తిప్పడం ప్లాట్ సవరణ చేసిన పని. ‘ఆ ప్రకటనను నెరవేరుస్తూ’ అనే దాని మొదలు. దీవిని వదిలేస్తాం, కానీ మీ రాజ్యాంగంలో ఈ షరతులు రాసుకున్నాకే అని తర్వాతి మెలిక.

మూడో క్లాజు ప్రకారం క్యూబా స్వాతంత్ర్యాన్ని ‘కాపాడేందుకు’ అమెరికా ఎప్పుడైనా జోక్యం చేసుకోవచ్చు. ఒకటి, రెండు క్లాజులు విదేశీ ఒప్పందాలకూ అప్పులకూ పగ్గాలు వేశాయి. ఐదోది పారిశుధ్యం. నవ్వొస్తుంది గానీ ఎల్లో ఫీవర్ నౌకల్లో తమ దక్షిణాది రేవులకు ఎక్కి వస్తుందనేది అమెరికాకు నిజమైన భయమే. ఏడోది బొగ్గు నింపుకునే, నౌకలు నిలుపుకునే స్థావరాలకు భూమి అమ్మాలి లేదా లీజుకివ్వాలి అన్నది. నేటి తగువంతా దీని సంతానమే.

క్యూబా రాజధాని హవానాలో రాజ్యాంగ సభ 1900 నవంబర్‌లో కూర్చుంది. సభ్యులు 31 మంది. రాజ్యాంగం పని ముగిసే దశలో ఈ ఎనిమిది క్లాజులు వచ్చిపడ్డాయి. బయట అమెరికా సైన్యం, గవర్నర్ పీఠంలో అమెరికా జనరల్ లెనర్డ్ వుడ్. జోక్యం హక్కు ఇవ్వడమంటే మన ఇంటి తాళం చెవి వాళ్ల చేతిలో పెట్టడమేనని సభ్యుడు హువాన్ గ్వాల్బెర్టో గోమెజ్ మొత్తుకున్నారు. ఐదుగురు సభ్యుల బృందం వాషింగ్టన్ వెళ్లి రూట్‌ను కలిసింది. జోక్యమంటే మీ ప్రభుత్వంలో వేలు పెట్టడం కాదని ఆయన నచ్చజెప్పారు. సరే, అదే మాట వివరణగా చేర్చి ఒప్పుకుంటామని మే నెలాఖరులో సభ 15-14 ఓట్లతో తీర్మానిస్తే, వివరణలు కుదరవు, ఉన్నది ఉన్నట్టు ఆమోదించండని కబురొచ్చింది. నోటితో చెప్పింది కాగితం మీద పెట్టనివ్వలేదు. చివరికి జూన్ 12న 16-11తో లొంగిపోయారు. లేదంటే సైన్యం కదలదు. ఆ అక్టోబర్‌లో వుడ్ అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్‌కు రాసిన ఉత్తరంలో, ప్లాట్ సవరణ కింద క్యూబాకు మిగిలిన స్వాతంత్ర్యం తక్కువ లేదా శూన్యం అని ఒప్పుకున్నారు. రాసింది ప్రత్యర్థి కాదు, దాన్ని అమలు చేసిన మనిషి!

ఇంత ఆరాటం బొగ్గు కోసమా అంటే, అవును. ఆవిరి యుద్ధనౌక బొగ్గు అయిపోతే తేలే ఇనుప డబ్బా. యుద్ధం వస్తే తటస్థ దేశాల రేవులు మూసుకుంటాయి. 1898 ఏప్రిల్‌లో బ్రిటన్ తటస్థత ప్రకటించగానే డ్యూయీ నౌకలు హాంకాంగ్ ఖాళీ చేసి పక్కనున్న చైనా అఖాతానికి తరలాల్సి వచ్చింది. అవతల స్పెయిన్ నౌకాదళం క్యూబాలోని సాంటియాగో రేవులోకి దూరి ఇరుక్కుపోవడానికి ఒక కారణం బొగ్గు కొరతే. దాన్ని దిగ్బంధించిన అమెరికా నౌకలకూ అదే సమస్య. నడిసముద్రంలో బొగ్గు ఓడను పక్కకు తెచ్చి కట్టుకుంటే అలల ఊపుకు రెండూ గుద్దుకుంటాయి. బస్తాలు ఎత్తడం సాగదు. నిలకడ నీళ్లు కావాలి. సాంటియాగోకు తూర్పున 40 మైళ్ల దూరంలో, మూడు వైపులా కొండలున్న గ్వాంటనామో అఖాతం సరిగ్గా అలాంటిది.

1898 జూన్ 10న సుమారు 650 మంది అమెరికా మెరైన్లు అక్కడ దిగారు. రాత్రీ పగలూ పొదల్లోంచి స్పెయిన్ సైనికుల తూటాలు. శత్రువుకు తాగునీళ్లు దొరికేది కూస్కో బావి ఒక్కచోటే, దాన్ని దెబ్బకొట్టమని సలహా ఇచ్చింది క్యూబా తిరుగుబాటు సైనికులు. 14న మెరైన్లూ క్యూబన్లూ కలిసి వెళ్లి బావి పూడ్చాక తూటాలు తగ్గాయి. నెల తిరిగేసరికి సాంటియాగో లొంగింది. స్పెయిన్‌తో పోరాడుతున్న క్యూబా జనరల్ కలీస్తో గార్సియాను మాత్రం ఆ లొంగుబాటుకు పిలవలేదు, పట్టణంలోకి రానివ్వలేదు. డిసెంబర్ 10న పారిస్ సంధి బల్ల దగ్గర కూడా క్యూబన్‌కు కుర్చీ లేదు.

లీజు పత్రం 1903 ఫిబ్రవరిలో తయారైంది. క్యూబా అధ్యక్షుడు ఎస్త్రాదా పాల్మా 16న, రూజ్‌వెల్ట్ 23న సంతకం చేశారు. అందులో రెండు వాక్యాలు గుర్తుపెట్టుకోవాలి. నేల మీద క్యూబా ‘అంతిమ సార్వభౌమాధికారం’ కొనసాగుతుంది, కానీ అమెరికా ‘పూర్తి అధికార పరిధి, నియంత్రణ’ చెలాయిస్తుంది అన్నది ఒకటి. బొగ్గు లేదా నౌకా స్థావరంగా మాత్రమే, ‘మరే ఇతర ప్రయోజనానికీ కాదు’ అన్నది రెండోది. అనుబంధంగా జూలైలో రాసుకున్న ఒప్పందం అక్కడ వ్యాపార సంస్థలు పెట్టకూడదంది. 1986 నుంచి అక్కడ మెక్‌డొనాల్డ్స్ నడుస్తోంది.

పేరు ఒకరిది, పెత్తనం ఇంకొకరిది అనే ఈ ఏర్పాటు హైదరాబాద్ చరిత్ర తెలిసినవాళ్లకు కొత్త కాదు. సైన్యం ఖర్చుల కింద 1800లో బళ్లారి, కడప ప్రాంతాలను కంపెనీకి రాసిచ్చి రాయలసీమను ‘దత్తమండలాలు’ చేసిన సంస్థానం అది. ఈ లీజుకు మూడు నెలల ముందే, 1902 నవంబర్‌లో, లార్డ్ కర్జన్ నిజాం మహబూబ్ అలీ ఖాన్ చేత (నేటి మహారాష్ట్రలోని) బేరార్‌ను శాశ్వత కౌలుకు రాయించుకున్నారు. సార్వభౌమాధికారం నిజాందే, పాలన బ్రిటిష్‌వాళ్లది, కౌలు ఏటా 25 లక్షల రూపాయలు. వాషింగ్టన్ దాన్ని చూసి రాసిందని కాదు. ఆ రోజుల్లో సామ్రాజ్యాలకు వాడుకలో ఉన్న దస్తావేజు నమూనా అది. 1903 నవంబర్‌లో పనామా కాలువ ప్రాంతాన్నీ ‘సార్వభౌమాధికారం తనదే అయినట్టుగా’ అమెరికా రాయించుకుంది.

గ్వాంటనామో కౌలు మాత్రం ఏడాదికి 2,000 డాలర్లు, బంగారు నాణేల్లో. స్థావరం 45 చదరపు మైళ్లు, అంటే 28,800 ఎకరాలు. బంగారం అధికారిక ధర ఔన్సు 20.67 డాలర్ల నుంచి 1934లో 35కు, 1973లో 42.22కు మారింది. ఆ నిష్పత్తిలోనే కౌలు 3,386 డాలర్లై, తర్వాత 4,085 అయింది. ఎకరానికి ఏడాదికి 14 సెంట్లు. డెల్టాలో ఎకరం కౌలు బస్తాల్లో మాట్లాడుకునే రైతుకు ఈ లెక్క చెబితే నమ్మడు. చెక్కు ‘రిపబ్లిక్ ట్రెజరర్ జనరల్’ పేరు మీద వెళ్తుంది. క్యూబాలో ఇప్పుడు అలాంటి పదవే లేదు. విప్లవం వచ్చిన 1959లో ఒక్క చెక్కు మార్చుకున్నారు. ఆ తర్వాతవి ఫిడెల్ కాస్ట్రో బల్ల సొరుగులో పడేశారు.

ఆ ఒక్క చెక్కును అమెరికా ఇప్పటికీ చూపిస్తుంది. అంతకన్నా గట్టి ఆధారం 1934 ఒప్పందం. పొరుగువారితో సఖ్యత విధానంలో భాగంగా ప్లాట్ సవరణ రద్దయింది, లీజు మాత్రం మిగిలింది. ఇద్దరూ ఒప్పుకుంటేనో, అమెరికా తనంతట తాను వదిలేస్తేనో తప్ప అది ముగియదు. గడువు లేదు. ఆ సంతకం సార్వభౌమ దేశంగా క్యూబాయే చేసింది కదా అని అమెరికా వాదన.

క్యూబా వాదన వేరే చోట మొదలవుతుంది. మూలపత్రమే బలవంతపుది. 1969 వియన్నా ఒడంబడిక 52వ అధికరణం ప్రకారం బలప్రయోగం చూపి రాయించుకున్న ఒప్పందం చెల్లదు. ఆ ఒడంబడిక వెనక్కి వర్తించదు కదా అంటే, సైన్యాన్ని గుమ్మంలో నిలబెట్టి రాయించుకున్న పత్రం దాని ముందు మాత్రం న్యాయమెలా అయింది అని ఎదురు ప్రశ్న. అది పక్కన పెట్టినా ‘మరే ఇతర ప్రయోజనానికీ కాదు’ అన్న షరతు ఉంది. 1991 నుంచి హైతీ శరణార్థులు, 1994లో వేలాది క్యూబన్లు, 2002 జనవరి 11 నుంచి మొత్తం సుమారు 780 మంది ఖైదీలు, ఇప్పుడు వలసదారులు. ఇందులో నౌకల పని ఏముంది? ఖాళీ చేయించే దారి మాత్రం హవానాకు లేదు. 1964లో నీళ్లు ఆపి చూసింది. అమెరికావాళ్లు పైపు తామే కోసేసి సముద్రపు నీటిని మంచినీరు చేసే కర్మాగారం కట్టుకున్నారు. స్థావరంలో పనిచేసిన క్యూబన్లలో చివరి ఇద్దరు 2012లో రిటైరయ్యారు. ఇప్పుడక్కడ కూలి పని జమైకా, ఫిలిప్పీన్స్ వాళ్లది.

ఆ ‘అంతిమ సార్వభౌమాధికారం’ అన్న మాట అమెరికా కోర్టుల్లో రెండుసార్లు రెండు రకాలుగా పనిచేసింది. 2002 తర్వాత ప్రభుత్వం, ఆ నేల క్యూబాది కాబట్టి ఖైదీలకు మన రాజ్యాంగ రక్షణ వర్తించదంది. 2008లో బూమెదీన్ అనే ఖైదీ వేసిన కేసులో సుప్రీంకోర్టు 5-4తో కాదంది. కాగితం మీద క్యూబాదే కావచ్చు, వాస్తవంలో పెత్తనం ఎవరిదో చూడాలంది. 2025లో పాత్రలు మారాయి. వలస చట్టం అమెరికా లోపల నిర్బంధానికే అనుమతిస్తుంది, గ్వాంటనామో క్యూబా నేల కాబట్టి అక్కడికి తరలించడం చట్టవిరుద్ధం అని ఈసారి నిర్బంధితుల లాయర్లు అదే వాక్యాన్ని ఎత్తిచూపుతున్నారు. పూర్తి నియంత్రణ మాదే కదా అని ప్రభుత్వం ఆ వాక్యంలో రెండో సగం చదువుతోంది.