బెంచ్ మీదికి వచ్చేసిన కుర్రాడు: అపోహలు – వాస్తవాలు

కాలేజీ బాస్కెట్‌బాల్ జట్లకు షూటింగ్ నేర్పడం, మ్యాచ్ వీడియోలు దగ్గర కూర్చోబెట్టుకుని చూపించడం నా పని. ప్రతి సీజన్‌లోనూ కనీసం ఒక్కరైనా ఇలాంటివాళ్లు ఎదురవుతారు. స్కూల్లో జట్టు బరువంతా తన మీదే. కాలేజీకి వచ్చిన కొత్తలో ఇరవై నిమిషాలు ఆడతాడు. నెల తిరిగేసరికి అవి పన్నెండు, ఆ తర్వాత నాలుగు. చివరికి వార్మప్ జాకెట్ విప్పకుండానే మ్యాచ్ అయిపోతుంది. ఆ సమయంలో చుట్టూ ఉన్నవాళ్లు మంచి మనసుతో చెప్పే మాటలే కొన్ని అతన్ని ఇంకా కుంగదీస్తాయి. అమ్మాయిల జట్లలోనూ ఇదే పరిస్థితి. రాయడానికి వీలుగా ఉంటుందని కుర్రాడు అంటున్నానంతే.

అపోహ: నిమిషాలు తగ్గించారంటే కోచ్‌కి నేనంటే పడదు.

వాస్తవం: ముందు లెక్క చూద్దాం. కాలేజీ మ్యాచ్ 40 నిమిషాలు, కోర్టులో ఐదుగురు. అంటే జట్టు మొత్తానికి పంచడానికి ఉన్నవి 200 నిమిషాలు. మొదటి ఐదుగురు తలా 28 నిమిషాలు ఆడితే 140 పోతాయి. మిగిలిన 60 నిమిషాల కోసం బెంచ్ మీద ఉన్నవాళ్లంతా పోటీ పడాలి. ఇష్టాయిష్టాలు అసలే ఉండవని నేను అనను. కానీ నేను చూసినంతలో, నిమిషాలు పోవడానికి కారణం చాలాసార్లు కుర్రాడు చూడని చోట ఉంటుంది.

ఒకసారి ఒకతను నా దగ్గరికి వచ్చి, "సార్, రెండే షాట్లు మిస్సయ్యాను, దానికే తీసేశారు" అన్నాడు. గొంతు పూడుకుపోయి ఉంది. ఇద్దరం కూర్చుని వీడియో పెట్టుకున్నాం. మొదటి షాట్ మిస్సయింది. షాట్ బాగానే వేశాడు, బంతి రిమ్ (బాస్కెట్ ఇనుప రింగు) అంచుకు తగిలి బయటికి పోయింది. కానీ బంతి ఇంకా గాల్లో ఉండగానే అతని తల బెంచ్ వైపు తిరిగింది. కోచ్ మొహంలో ఏముందో వెతుకుతున్నాడు. ఆ ఒక్క క్షణంలో అతను కాపలా కాయాల్సిన ఆటగాడు ముందుకు పరిగెత్తి సులువుగా లేఅప్ (బాస్కెట్ దగ్గరికి వెళ్లి వేసే షాట్) వేసేశాడు. తర్వాతి పొసెషన్‌లో, అంటే బంతి మళ్లీ మన జట్టు చేతికి వచ్చినప్పుడు, కార్నర్‌లో అతనికి బంతి అందింది. ఎదురుగా ఎవరూ లేరు, పాదాలు సరిగ్గానే ఉన్నాయి. అయినా షాట్ వెయ్యలేదు. మళ్లీ బెంచ్ వైపు ఒక చూపు, ఒక డ్రిబుల్, ఈలోగా డిఫెండర్ వచ్చేశాడు. బంతి వెనక్కి ఇచ్చేశాడు. షాట్ క్లాక్ (షాట్ వెయ్యడానికి ఉన్న గడువు) అయిపోతుంటే ఇంకొకరు దూరం నుంచి ఎలాగోలా విసరాల్సి వచ్చింది.

అక్కడ పాజ్ నొక్కింది నేను కాదు, అతనే. చాలాసేపు ఆ స్క్రీన్ వైపే చూస్తూ కూర్చున్నాడు.

అప్పుడు వదిలేసిన ఆ షాట్ స్కోర్ షీట్‌లో ఎక్కడా కనిపించదు. కానీ మిస్సయిన షాట్ కన్నా జట్టుకు దానివల్లే ఎక్కువ నష్టం. ఇతను వెయ్యడని అవతలి జట్టుకు తెలిసిపోతే, ఇతని డిఫెండర్ ఇతన్ని వదిలేసి లోపల బాస్కెట్ దగ్గర ఉన్న మన పొడుగు ఆటగాడి మీదికి వెళ్లిపోతాడు. మన ఐదుగురు నలుగురితో సమానం అవుతారు. కోచ్ చూసేది అది.

ఈ విషయంలో కోచ్‌లకూ ఒక మాట చెప్పాలి. ప్రతి తప్పుకీ వెంటనే ఆటగాడిని బయటికి పిలిస్తే, ఆ బెంచ్ వైపు చూసే అలవాటు నేర్పింది మనమే. ఒకప్పుడు నేనూ అలా చేశాను. ఇప్పుడు ముందే చెప్పి పంపమంటాను: "నాలుగు నిమిషాలు నీవి. షాట్ పోయినా తియ్యను. వెనక్కి పరిగెత్తకపోతే మాత్రం తీస్తాను." ఆ ఒక్క మాటతో మెడ తిరగడం ఆగిన పిల్లల్ని చూశాను.

అపోహ: ముందు కాన్ఫిడెన్స్ తెచ్చుకో, ఆట అదే వస్తుంది.

వాస్తవం: నిజానికి జరిగేది చాలావరకు దీనికి ఉల్టా. "నేనిది చేయగలను" అన్న నమ్మకం ఎక్కడి నుంచి వస్తుందో మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బండూరా 1977లో వివరించాడు. స్వయంగా చేసి సాధించడం, తనలాంటివాళ్లు చేయడం చూడటం, ఇతరులు చెప్పే ధైర్యం, ఒంట్లో కలిగే అలజడిని మనం అర్థం చేసుకునే తీరు. వీటన్నిటిలో బలమైనది మొదటిదేనని, మాటలతో వచ్చిన నమ్మకం ఎదురుదెబ్బలకు తొందరగా చెదిరిపోతుందని ఆయన అభిప్రాయం. కోర్టులో నేను చూసేదీ అదే. "నువ్వు చెయ్యగలవు" అని పదిసార్లు చెప్పినా, ఒక్క టర్నోవర్‌తో, అంటే బంతి ఒక్కసారి అవతలి జట్టుకు పోగొట్టుకుంటే, ఆ ధైర్యమంతా ఎగిరిపోతుంది.

అందుకే నేను షాట్‌తో మొదలుపెట్టను. షాట్ పడటం పూర్తిగా ఎవరి చేతుల్లోనూ లేదు. అవతలివాళ్లు షాట్ వేసిన ప్రతిసారీ తన మనిషిని వెతికి బాక్స్ అవుట్ చేయడం (బంతి అందకుండా ఒంటితో అడ్డుకోవడం) మాత్రం అతని చేతుల్లోనే ఉంది. డిఫెన్స్‌లో గట్టిగా నోరు విప్పి మాట్లాడటం, స్క్రీన్ (మన డిఫెండర్‌కి అడ్డంగా అవతలి ఆటగాడు వచ్చి నిలబడటం) వస్తోందని ముందే అరవడం కూడా అంతే. ఒక వారం అవే లెక్కపెడతాం. పాయింట్ల ఊసే ఎత్తం.

అపోహ: వరుసగా షాట్లు పోతున్నాయంటే షాట్ పాడైపోయింది.

వాస్తవం: త్రీ పాయింటర్లలో (దూరం నుంచి వేసే, మూడు పాయింట్లు వచ్చే షాట్లలో) నూటికి 35 వేసేవాడిని మంచి షూటర్ అనే అంటాం. షాటుకూ షాటుకూ సంబంధం లేదనుకుంటే, అలాంటివాడు ఏ ఐదు షాట్లు తీసుకున్నా ఐదూ పోయే అవకాశం దాదాపు 12 శాతం. ఇరవై షాట్లలో నాలుగో అంతకన్నా తక్కువో పడే అవకాశం కూడా సుమారు అంతే. బెంచ్ నుంచి వచ్చే కుర్రాడికి ఇరవై షాట్లంటే ఏడెనిమిది మ్యాచ్‌లు కావచ్చు. అంటే చేతిలో ఏ లోపం లేకపోయినా, కేవలం లెక్కల ప్రకారమే నెల రోజులు నరకం చూడొచ్చు. ఆ నెలలోనే అతను మోచెయ్యి మారుస్తాడు, పాదాలు మారుస్తాడు, ఇంటర్నెట్‌లో చూసిన కొత్త రిలీజ్ (బంతిని చేతి నుంచి వదిలే తీరు) ప్రయత్నిస్తాడు. షాట్ నిజంగా పాడయ్యేది అప్పుడే.

తర్వాత గొప్ప షూటర్‌గా పేరు తెచ్చుకున్న అమెరికా ఆటగాడు స్టెఫెన్ కర్రీ 2006లో డేవిడ్‌సన్ కాలేజీ తరఫున ఆడిన మొదటి మ్యాచ్‌లో 13 టర్నోవర్లు చేశాడు. తర్వాతి మ్యాచ్‌లో మిషిగన్ మీద 32 పాయింట్లు కొట్టాడు. ఈ సంగతి పిల్లలకు చెప్పేటప్పుడు ఇంకో సగం కూడా చెబుతాను: అతనికి ఆ తర్వాతి మ్యాచ్ వెంటనే దొరికింది. అందరికీ అలా దొరకదు.

అపోహ: ఒక్కో షాట్ ఆలోచించి, జాగ్రత్తగా వెయ్యి.

వాస్తవం: అలవాటైపోయిన పనిని మధ్యలో గమనిస్తూ చేస్తే చెడుతుంది. ఒత్తిడిలో తడబడటం మీద పరిశోధనలు చేసిన సియాన్ బైలాక్ లాంటివాళ్లు చూపించింది ఇదే. మణికట్టు గురించి ఆలోచించే బదులు చూపుకి పని చెప్పడం మేలు. ఫ్రీ త్రోల (ఫౌల్ జరిగాక ఎవరూ అడ్డు రాకుండా వేసే షాట్ల) మీద జోన్ వికర్స్ 1996లో ప్రచురించిన అధ్యయనంలో, బాగా వేసే ఆటగాళ్లు షాట్‌కి ముందు చూపుని రిమ్ మీద ఎక్కువసేపు నిలిపి ఉంచుతున్నారని తేలింది. టెన్షన్‌లో ఉన్నవాడి కళ్లు రిమ్, డిఫెండర్, బెంచ్ మధ్య తిరుగుతూనే ఉంటాయి. నేను చెప్పేది ఒక్కటే: రిమ్ మీద ఒక చోటు ఎంచుకో, అక్కడే చూడు.

అపోహ: రోజూ ఒంటరిగా ఐదొందల షాట్లు వేస్తే సరిపోతుంది.

వాస్తవం: చేతికి మంచిదే, సరిపోదు. బెంచ్ నుంచి వచ్చేవాడికి మ్యాచ్‌లో దొరికేది చల్లబడిన ఒంటితో ఒకే ఒక్క షాట్. కాబట్టి కుర్చీ వేసి పది నిమిషాలు కూర్చోబెడతాను. పేరు పిలవగానే లేచి పరిగెత్తుకుంటూ రావాలి, డిఫెండర్ మీదికి వస్తుంటే షాట్ వెయ్యాలి. ఆ మొదటి షాట్ ఒక్కటే నోట్‌బుక్‌లో రాస్తాం. మళ్లీ కుర్చీ.

అపోహ: మైకేల్ జోర్డాన్‌నే స్కూల్ జట్టు నుంచి తీసేశారు కదా!

వాస్తవం: తీసేయలేదు. 1978లో అమెరికాలో విల్మింగ్టన్‌లోని లేనీ హైస్కూల్లో ఆయన్ని ప్రధాన జట్టుకు బదులు జూనియర్ జట్టులో వేశారు. అక్కడ ఆయన మ్యాచ్ తర్వాత మ్యాచ్ ఆడాడు. ప్రచారంలో ఉన్న కథ కన్నా ఈ నిజమే ఎక్కువ పనికొస్తుంది. ఒక మెట్టు కిందైనా ఆడుతూ ఉండటం ముఖ్యం. మీ కాలేజీకి రెండో జట్టు ఉంటే, వేసవి లీగ్ ఉంటే, నామోషీ అనుకోకుండా ఆడండి.

అపోహ: కోచ్‌ని అడిగితే తప్పుగా అనుకుంటారు.

వాస్తవం: అడిగే తీరులోనే ఉంది. మ్యాచ్ అయిన రాత్రి వద్దు, మర్నాడు అడగండి. "నన్నెందుకు ఆడించట్లేదు" అంటే ఎవరైనా తమని సమర్థించుకోవడానికే చూస్తారు. "నాకు ఇంకో ఐదు నిమిషాలు ఇవ్వాలంటే ఏ రెండు విషయాల్లో మీకు నమ్మకం కలగాలి?" అని అడిగితే జవాబు వస్తుంది. అది రాసుకుని, రెండు వారాల తర్వాత మళ్లీ వెళ్లండి. ఈ మాట ఆటగాడే అడగాలి, అమ్మానాన్నలు ఫోన్ చేసి కాదు. వాళ్లు చేయగలిగింది వేరే ఉంది: మ్యాచ్ అవగానే "ఎన్ని కొట్టావ్?" అన్న ప్రశ్న మానేసి, తిన్నావా అని అడగడం.

అపోహ: ఇదంతా ఆటలో మామూలే, గట్టిగా నిలబడాలి.

వాస్తవం: నిమిషాలు తగ్గితే బాధపడటం మామూలే. రాత్రుళ్లు నిద్ర పట్టకపోవడం, తిండి మానేయడం, క్లాసులకు వెళ్లకపోవడం, స్నేహితుల్ని తప్పించుకు తిరగడం వారాల తరబడి సాగితే అది మామూలు కాదు. ఉన్న కాస్త చోటూ పోతుందని మోకాలి నొప్పి దాచిపెట్టి ఆడేవాళ్లూ ఉంటారు. వాళ్ల ఆట పడిపోవడానికి కారణం ఆ నొప్పే. అలాంటప్పుడు షూటింగ్ డ్రిల్ పక్కన పెట్టేస్తాను. నొప్పి ఉంటే డాక్టర్, మనసు బాగా లేకపోతే కౌన్సెలర్. ఒంటరిగా వెళ్లడానికి జంకితే నేనూ తోడు వెళ్తాను, బయట కుర్చీలో కూర్చుంటాను.