సీటుకు సర్కారు ఫీజు, కొలువుకు అమీర్‌పేట

తెలుగునాట ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలు పుట్టింది సీట్ల కరువులో. అప్పట్లో స్థోమత ఉన్నవాళ్లు డొనేషన్లు కట్టి పిల్లల్ని కర్ణాటక పంపేవారు. 1977లో విజయవాడలో సిద్ధార్థ, 1979లో హైదరాబాద్‌లో చైతన్య భారతి, 1981లో వాసవి వచ్చాయి. 1983లో క్యాపిటేషన్ ఫీజును, అంటే సీటు కోసం గుంజే డొనేషన్‌ను, నిషేధిస్తూ రాష్ట్రం చట్టం చేసింది. తర్వాత ఎంసెట్ వచ్చింది. ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్లిన ఉన్నికృష్ణన్ కేసులో 1993లో సుప్రీంకోర్టు సీట్లను ఫ్రీ (తక్కువ ఫీజువి), పేమెంట్ (ఎక్కువ ఫీజువి) అంటూ విడదీసింది. 2002లో టి.ఎం.ఎ. పాయ్ కేసులో 11 మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఆ పద్ధతిని పక్కన పెట్టింది. పాతికేళ్ల పోరంతా సీటు ఎవరికి, ఫీజు ఎంత అన్నదాని మీదే. చదివాక పని దొరుకుతుందా అన్న ప్రశ్న ఏ చట్టంలోనూ పెద్దగా కనబడదు.

1998లో హైదరాబాద్‌లో ఐటీ కంపెనీల కోసం కట్టిన సైబర్ టవర్స్ మొదలయ్యాక ఆ ప్రశ్నకు జవాబు వీధిలో దొరికింది. అదే నగరంలోని అమీర్‌పేటలో, మైత్రీవనం భవనం చుట్టుపక్కల, జావా, ఒరాకిల్, టెస్టింగ్ నేర్పే ఇన్‌స్టిట్యూట్లు వెలిశాయి. నాలుగేళ్ల బీటెక్‌లో అందని పనితనం కోసం పిల్లలు హాస్టల్ గదుల్లో సర్దుకుని, కొన్ని నెలల కోర్సుకు మళ్లీ డబ్బు కట్టారు. ఐటీ కొలువుల్లో చేరినవారిలో ఎంతోమందికి డిగ్రీ ఇచ్చింది కాలేజీ, పనితనం నేర్పింది అమీర్‌పేట. కాలేజీల ప్లేస్‌మెంట్ ఘనతలో ఈ రెండో ఖర్చును ఎవరూ లెక్కగట్టలేదు.

2008 నాటికి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఫీజు రీయింబర్స్‌మెంట్‌ను, అంటే పేద విద్యార్థుల ఫీజును సర్కారే కట్టే పథకాన్ని, విస్తృతంగా అమలు చేసింది. దీన్ని తేలిగ్గా తీసిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. కూలీల ఇళ్ల నుంచి, చేనేత ఇళ్ల నుంచి మొదటి ఇంజనీర్లు వచ్చింది ఈ పథకంతోనే. అయితే సర్కారు డబ్బు ఇచ్చింది చేరిన అర్హులైన ప్రతి విద్యార్థికీ గానీ, నేర్పిన చదువుకు కాదు. అధ్యాపకులున్నారా, ల్యాబులు పనిచేస్తున్నాయా అన్న తనిఖీ వెనకబడింది. కొన్నేళ్లలోనే ఉమ్మడి రాష్ట్రంలో కాలేజీలు ఏడు వందల దాకా చేరాయి. తర్వాత సీట్లు నిండక చాలా మూతపడ్డాయి.

ఫలితం దేశమంతటి లెక్కల్లోనూ కనబడుతుంది. 2017-18 కేంద్ర శ్రామికశక్తి సర్వే ప్రకారం పట్టణాల్లో 15-29 ఏళ్ల యువకుల్లో నిరుద్యోగం 18.7 శాతం, యువతుల్లో 27.2 శాతం. ఆడపిల్లల అంకె చూస్తే మనసు చివుక్కుమంటుంది. ఇంట్లో పోరాడి చదువుకున్నవాళ్లు వాళ్లు.

దిద్దుబాట్లు జరగలేదని కాదు. ఆంధ్రప్రదేశ్ నైపుణ్యాభివృద్ధి సంస్థ, తెలంగాణలో నైపుణ్య శిక్షణ ఇచ్చే సర్కారు సంస్థ టాస్క్, 2024లో యంగ్ ఇండియా స్కిల్స్ యూనివర్సిటీ వచ్చాయి. కానీ 2024-25 విద్యాసంవత్సరం నుంచి సాంకేతిక విద్యను నియంత్రించే కేంద్ర మండలి ఏఐసీటీఈ సీట్ల గరిష్ఠ పరిమితిని సడలించడంతో, పేరున్న కాలేజీలు కంప్యూటర్ సైన్స్ సీట్లను పెంచుకుంటూ పోయాయి. సివిల్, మెకానికల్ పక్కకు జరిగాయి. ఒక్క ఐటీ నియామకాలు మందగిస్తే చాలు, ఆ ఏటి బ్యాచ్‌లంతా ఒకేసారి రోడ్డున పడతాయి.

ఈలోగా రీయింబర్స్‌మెంట్ బకాయిలు పేరుకుపోతున్నాయి. సర్కారు కట్టలేదని కొన్ని కాలేజీలు సర్టిఫికెట్లు ఆపేస్తున్నాయి. ఆఫర్ లెటర్ చేతిలో ఉన్నా ఒరిజినల్స్ చూపలేక చేరలేకపోయే పిల్లలున్నారు. బకాయి తేల్చుకోవాల్సింది ప్రభుత్వం, యాజమాన్యం. ముందు ఆ కాగితాలు పిల్లలకు ఇచ్చేయాలి.