పియానో మీద గమకం ఎందుకు పలకదు?

విజయనగరంలో పాశ్చాత్య వాయిద్యం అనగానే ఎవరికైనా ఫిడేలే గుర్తొస్తుంది. 1919లో ఇక్కడ సంగీత కళాశాల మొదలైనప్పుడు ఆదిభట్ల నారాయణదాసు గారు ప్రిన్సిపాలు, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ఫిడేలు ఆచార్యులు. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి ఐరోపా వాళ్ల దగ్గర నేర్చుకుని మన కచేరీలోకి తెచ్చిన వాయిద్యం అది. నాయుడు గారి నాటికి పూర్తిగా మనదైపోయింది. పియానో కూడా తెల్లవాళ్లతోనే వచ్చింది. కానీ మన పాటకు అది చుట్టంగానే మిగిలింది తప్ప ఇంటి మనిషి కాలేదు. మన పాటకు ప్రాణమైన గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ, జారుస్తూ పలికించడం, దాని మీద పలకదు. దానికి కారణం పియానో లోపలే ఉంది. నేను పియానో ముందు కూర్చున్నప్పుడు సినిమా పాటల కంటే ఐరోపా స్వరకర్తలు బాఖ్‌నీ బేథోవెన్‌నీ ఎక్కువ ఇష్టంగా వాయిస్తాను. ఆ ఇష్టానికి కారణమూ అదే.

ఫిడేలుకు మెట్లు లేవు. వేలు తీగ మీద జారితే స్వరం జారుతుంది. కమాను కదులుతున్నంతసేపూ నాదం నిలుస్తుంది, మధ్యలో పెంచొచ్చు, తగ్గించొచ్చు. పియానోలో అలా కాదు. మెట్టు (కీ) నొక్కితే లోపలి మీటలు కదిలి, ఉన్ని చుట్టిన చిన్న సుత్తిని తీగ మీదికి విసురుతాయి. సుత్తి తీగకు తగలడానికి కాస్త ముందే మీటతో దానికి సంబంధం తెగిపోతుంది. తగిలిన వెంటనే వెనక్కి పడుతుంది. అక్కడే ఆనుకుని ఉండిపోతే తీగ మోగదు మరి. 1700 ప్రాంతంలో ఇటలీలో బార్తొలోమియో క్రిస్తోఫోరి సాధించిన గొప్ప కిటుకు ఇదే. దీనివల్ల మెల్లగా కొడితే మెల్లగా, గట్టిగా కొడితే గట్టిగా పలికే మెట్ల వాయిద్యం పుట్టింది. కానీ సుత్తి ఎంత వేగంతో తగలాలన్నది ఒక్కటే వాయించేవాళ్ల చేతిలో ఉంటుంది. తగిలాక ఆ స్వరాన్ని ఊపలేం, జార్చలేం, పెంచలేం.

ఇప్పుడు తోడి రాగంలో గాంధారాన్ని తలుచుకోండి. పుస్తకంలో దానికొక స్థానం ఉంటుంది గానీ, పాడేటప్పుడు గొంతు ఆ స్థానంలో నిలబడదు. రిషభానికీ మధ్యమానికీ నడుమ ఊగుతుంది. ఆ ఊపే తోడి. పియానో మీద ఆ మెట్టు నొక్కితే వచ్చే స్వరం సరైనదే, రాగం మాత్రం కాదు. పక్కపక్క మెట్లను గబగబా నొక్కినా విడివిడి దెబ్బలు వినిపిస్తాయే తప్ప ఒకటి ఇంకొకదానిలోకి ఒదగదు.

మా వీధిలో ఒక పెద్దావిడ నన్ను తరచూ అడుగుతుంటారు: “ఏటమ్మా, ఎప్పుడూ ఆ ఇంగ్లీసు పాటలేనా? మన ఘంటసాల పాటొకటి వాయించమ్మా!” వాయిస్తాను. వరస గుర్తుపట్టి ఆవిడ సంతోషిస్తారు. కానీ ఘంటసాల, సుశీల ఇద్దరూ ఈ ఊరి సంగీత కళాశాలలో నేర్చుకున్నవాళ్లే. వాళ్ల సినిమా పాటల్లో కూడా ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి వెళ్లే దారిలోనే సగం అందం ఉంటుంది. పియానో ఆ దారిని చెరిపేసి, చేరిన చోట్లనే చూపిస్తుంది. పాట గొప్పదే, వాయిద్యమూ గొప్పదే, రెండింటికీ పొంతన కుదరదు.

పియానో స్వరానికి ఇంకో గుణం ఉంది: పుట్టిన క్షణం నుంచే తగ్గిపోతుంటుంది. అదీ ఒకే తీరున కాదు. చాలా మెట్లకు రెండేసి, మూడేసి తీగలు ఉంటాయి. దెబ్బ తగలగానే అవి కలిసికట్టుగా కిందికీ పైకీ కంపిస్తూ తమ శక్తిని పియానోలోని చెక్క నాదపలకకు త్వరగా ఇచ్చేస్తాయి. ఆ తర్వాత తీగల మధ్య ఉన్న కొద్దిపాటి తేడాల వల్లా, పక్కలకు సాగే కంపనం వల్లా, ఒక సన్నని నాదం చాలాసేపు నిలుస్తుంది. గాబ్రియెల్ వైన్‌రైఖ్ అనే భౌతిక శాస్త్రవేత్త 1977లో దీన్ని వివరించాడు.

ఈ గుణాన్ని బేథోవెన్ చెవితోనే పట్టుకున్నాడు. 1801 నాటి ‘మూన్‌లైట్ సొనాటా’ అనే పియానో రచన మొదటి భాగంలో లోపల మూడేసి స్వరాలు ఆగకుండా అలల్లా సాగుతుంటాయి. పైన పాట మొదలయ్యేది ఒకే స్వరంతో, దాన్నే మళ్లీ మళ్లీ కొడుతుంది. గాయకుడైతే ఆ స్వరాన్ని సాగదీసి పట్టుకునేవాడు. పియానో పట్టుకోలేదు కాబట్టి మళ్లీ కొడుతుంది, మధ్యలో సన్నబడే నాదాన్ని కింది మూడేసి స్వరాలు మోస్తాయి. తీగల నాదాన్ని ఆపే దిమ్మలను ఎత్తే ఉంచి వాయించమని కూడా ఆయన రాశాడు. ఆనాటి పియానోల్లో నాదం త్వరగా సన్నబడేది కాబట్టి అది చెల్లింది. ఇప్పటి వాటిలో అలాగే చేస్తే అంతా కలగాపులగం అవుతుంది, అందుకే కింది స్వరాలు మారినప్పుడల్లా పెడల్ (ఆ దిమ్మలను ఎత్తే కాలి మీట) మారుస్తాం. నాకు ఆ పెడల్ మార్పు చేతికి, కాదు, కాలికి పట్టిన రోజు ఎంత సంబరమో!

బాఖ్ రాసిన ‘ఇన్వెన్షన్లు’ అనే చిన్న రచనల్లో రెండు చేతులూ రెండు వేరు పాటలు పాడతాయి. ఆయన వాటిని పియానోకు ముందరి మెట్ల వాయిద్యాల కోసం రాశాడు, కానీ జారలేని స్వరం వాటిదీ. ఒక్క స్వరంలో దొరకని వంపును రెండు వరసల సంభాషణలో రాబట్టాడు.

సినిమా వాద్యబృందాల్లోని ఎలక్ట్రానిక్ కీబోర్డుల పక్కన స్వరాన్ని వంచే చక్రం ఒకటి ఉంటుంది, దాంతో జారుడు కొంత వస్తుంది. పాత సినిమాల్లో నాయకుడు పియానో ముందు కూర్చున్నప్పుడు పాట గొంతులోనే ఉంటుంది, పియానో కింద కార్డులు (ఒకేసారి కలిపి మోగించే స్వరాలు) వేస్తూ ఖాళీలు నింపుతుంది. అది ఆ వాయిద్యానికి తగిన పని. మా పెద్దావిడ గొంతు ఇంకా బాగుంది. ఆవిడ పాడి నేను కార్డులు వేసిన రోజున ఘంటసాల పాట చక్కగా కుదిరింది.

ఈ ఊళ్లో కీబోర్డు నేర్చుకునే పిల్లలకు మన సంగీతం నుంచే మొదలుపెట్టాలంటే దీక్షితుల నొట్టుస్వరాలు ఉన్నాయి. ఐరోపా వరసలకు ఆయన సంస్కృత సాహిత్యం కట్టాడు. అన్నీ శంకరాభరణం స్వరాలే, గమకం దాదాపు ఉండదు. సి మెట్టును షడ్జమంగా పెట్టుకుంటే తెల్ల మెట్లతోనే సరిపోతుంది. వాటిలో ‘శ్యామలే మీనాక్షి’ వరస, బడిపిల్లలు పాడే ‘ట్వింకిల్ ట్వింకిల్’ వరస ఒకటే. అదే వరస మీద మోజార్ట్ పన్నెండు వేరియేషన్లు, అంటే ఆ వరసకే రకరకాల మార్పులు, రాశాడు. మొదటిదానిలోనే కుడిచెయ్యి చిన్న చిన్న స్వరాలతో పరుగు తీస్తుంది, వరస ఆ పరుగులో దాక్కుంటుంది. దాన్ని వెతికి పట్టుకోవడం పిల్లలకు భలే ఇష్టం.