ఊదారంగు కార్డుకు వెల కట్టేదెలా: పాతికేళ్ల వాదన వెనుక కథ

యు-గి-ఓ అనే కార్డుల ఆటలో కొత్త ఫ్యూజన్ మాన్‌స్టర్ బొమ్మ బయటికి వచ్చిన ప్రతిసారీ అదే వాదన మొదలవుతుంది. అడుగున ఉన్న అటాక్ (దాడి బలం) అంకెను, మధ్యలో ఉన్న శక్తులను చూసి కొందరు ఉప్పొంగిపోతారు. వివరణలోని మొదటి వరుస చదివి మరికొందరు పెదవి విరుస్తారు. ఆ మొదటి వరుసలో ఉండేది మెటీరియల్ జాబితా, అంటే ఏయే మాన్‌స్టర్లను కలిపితే ఇది పుడుతుందో చెప్పే మాట. నేను మొదటి వరుస దగ్గరే ఎక్కువసేపు ఆగే మనిషిని. మాన్‌స్టర్ ఎంత గొప్పదైనా, దాన్ని బల్ల మీదికి తెచ్చే దారిని బట్టే దాని విలువ ఉంటుందని నా గట్టి నమ్మకం. ఈ ఆట చరిత్ర అడుగడుగునా నాకు నేర్పింది అదే.

జపాన్‌లో కొనామి సంస్థ ఈ ఆటను 1999లో ప్రారంభించింది. ఉత్తర అమెరికాకు 2002లో వచ్చింది. ఊదారంగు చట్రంలో ఉండే ఫ్యూజన్ మాన్‌స్టర్లు మొదటి నుంచీ ఉన్నాయి. పద్ధతి చూడటానికి తేలిక: చేతిలోనో ఫీల్డ్ (బల్ల మీది ఆట స్థలం) మీదో ఉన్న రెండు మాన్‌స్టర్లు, వాటిని కలిపే పాలిమరైజేషన్ అనే స్పెల్ కార్డు. ఆ మూడూ గ్రేవ్‌యార్డ్‌కు (వాడేసిన కార్డుల కుప్పకు) పోతే ఫ్యూజన్ మాన్‌స్టర్ ఒకటి వస్తుంది. మూడు ఇచ్చి ఒకటి పుచ్చుకోవడమన్నమాట. ఆట మొదట్లో చేతికి వచ్చేవే ఐదు కార్డులు. అందులో మూడు ఒకే పనికి ఖర్చయితే మిగిలేది రెండు.

అంత ఖర్చుకు దక్కేది ఏమిటో చూడండి. ఫ్లేమ్ స్వోర్డ్స్‌మన్ తొలినాటి ఫ్యూజన్లలో పేరున్నది. దాని అటాక్ 1800, ప్రత్యేక శక్తి ఏదీ లేదు. దానికి కావలసిన ఫ్లేమ్ మానిప్యులేటర్ అటాక్ 900, మసాకి అటాక్ 1100. ఈ రెండింటినీ పాలిమరైజేషన్‌తో కలిపి ఆ 1800 సంపాదించాలి. లా జిన్ అనే నాలుగో లెవెల్ మాన్‌స్టర్‌కూ అటాక్ సరిగ్గా 1800 ఉంది. దాన్ని మాత్రం మరే మాన్‌స్టర్‌నూ బలి ఇవ్వకుండా, ఒక్క కార్డు ఖర్చుతో దించవచ్చు. కొండను తవ్వి ఎలుకను పట్టడం అంటే ఇదే.

బ్లూ-ఐస్ అల్టిమేట్ డ్రాగన్ 4500 అటాక్‌తో అందరి కళ్లనూ కట్టిపడేసింది. దానికి మూడు బ్లూ-ఐస్ వైట్ డ్రాగన్లు కావాలి. ఒక్కొక్కదాని అటాక్ 3000. ఆ మూడూ ఇప్పటికే ఫీల్డ్ మీద ఉంటే, ఖాళీగా ఉన్న ప్రత్యర్థి మీద ఒకే టర్న్‌లో 9000 నష్టం కలిగించి 8000 లైఫ్ పాయింట్లనూ (ఆట మొదట్లో ఆటగాడికి ఉండే ప్రాణబలం) తుడిచిపెట్టగలవు. వాటిని కలిపేస్తే ఆ బలం సగానికి పడిపోతుంది. అందుకే చాలాకాలం అది ఆల్బమ్‌లో దాచుకునే కార్డుగా ఉండిపోయింది.

దాన్ని ఆల్బమ్‌లోంచి డెక్‌లోకి (ఆడే కార్డుల కట్టలోకి) తెచ్చింది మరో కార్డు, సైబర్-స్టైన్. 5000 లైఫ్ పాయింట్లు చెల్లిస్తే మెటీరియల్ ఊసే లేకుండా ఏదైనా ఒక ఫ్యూజన్ మాన్‌స్టర్‌ను దించుతుంది. ఆ లెక్క దగ్గర కాసేపు ఆగాలి. 8000లో 5000 పోతే మిగిలేది 3000. మొదటిసారి చూసినవారికి ఇది ఆత్మహత్యలాగే కనిపిస్తుంది. కానీ మెగామార్ఫ్ అనే స్పెల్ కార్డు, మన లైఫ్ పాయింట్లు ప్రత్యర్థి కన్నా తక్కువగా ఉంటే మాన్‌స్టర్ అసలు అటాక్‌ను రెట్టింపు చేస్తుంది. 4500 కాస్తా 9000 అవుతుంది. కట్టిన మూల్యమే ఆయుధమైపోయింది. ప్రత్యర్థి ఫీల్డ్ ఖాళీగా ఉంటే ఒక్క దెబ్బతో ఆట ముగిసినట్టే. అల్టిమేట్ డ్రాగన్ మీద ఒక్క అక్షరమూ మారలేదు, మారింది దారి మాత్రమే.

ఇలాంటి దొడ్డిదారులు ఆ రోజుల్లో ఇంకా ఉండేవి. మ్యాజికల్ సైంటిస్ట్‌కు 1000 లైఫ్ పాయింట్లు చెల్లిస్తే ఆరో లెవెల్ లేదా అంతకన్నా తక్కువ లెవెల్ ఫ్యూజన్ మాన్‌స్టర్ వచ్చేది. ఒక టర్న్‌లో ఎన్నిసార్లు వాడాలన్న హద్దు కార్డు మీద లేదు, కాబట్టి ఏడుసార్లు వాడవచ్చు. అలా వచ్చినవి నేరుగా దాడి చేయలేవు. అయితేనేం, కాటపుల్ట్ టర్టిల్ వాటిని ఒక్కొక్కటిగా విసిరి, అటాక్‌లో సగం నష్టాన్ని ప్రత్యర్థికి అంటగట్టేది. ఒకే టర్న్‌లో ఆట ముగించే ఈ పద్ధతి చివరికి సైంటిస్ట్‌ను నిషేధ జాబితాకు ఎక్కించింది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఉదాహరణ 2005 నాటిది. థౌజండ్-ఐస్ రిస్ట్రిక్ట్ అటాక్ 0, డిఫెన్స్ 0, లెవెల్ 1. మెటీరియల్ చూస్తే రెలింక్విష్డ్ అనే రిచువల్ (క్రతువు చేసి దించే) మాన్‌స్టర్, దానితో పాటు థౌజండ్-ఐస్ ఐడల్. ముందు రిచువల్ పూర్తిచేసి, ఆపైన ఫ్యూజన్ కూడా చేయాలంటే సగం డెక్ దానికే సరిపోతుంది. కానీ మెటమార్ఫసిస్ అనే స్పెల్ ఒక మాన్‌స్టర్‌ను బలిగా తీసుకుని అదే లెవెల్ ఫ్యూజన్‌ను దించుతుంది. స్కేప్‌గోట్ అనే మరో స్పెల్ నాలుగు గొర్రె టోకెన్లను (కార్డు లేని చిన్న మాన్‌స్టర్లు, ఆటగాళ్ల నోట మాత్రం మేకలే) ఫీల్డ్ మీద నిలబెడుతుంది, వాటి లెవెల్ కూడా 1. ఒక మేకను బలిస్తే చాలు, సున్నా అటాక్ ఉన్న ఆ వేయి కళ్ల మాన్‌స్టర్ దిగి ప్రత్యర్థి బలమైన మాన్‌స్టర్‌ను మింగి, దాని అటాక్‌ను తనదిగా చేసుకుంటుంది. అది ఉన్నంతసేపు మరే మాన్‌స్టరూ దాడి చేయలేదు. మిగిలిన మూడు మేకలు కాపలా కాస్తాయి. ఆ కాలపు ఆటకు ఈ మేకల పేరే స్థిరపడిపోయింది. ఇప్పటికీ ఆ ఏడాది కార్డులతోనే ఆడుకునేవారు ఎందరో ఉన్నారు. అడుగున ఉన్న అంకెను చూసి వెల కట్టినవారు ఈ కార్డుకు ఎంత ఇచ్చి ఉండేవారో ఊహించుకోండి.

దాదాపు ఆ కాలంలోనే కార్డుల మీద ఒక కొత్త వాక్యం తరచుగా కనిపించసాగింది: ఫ్యూజన్ సమన్ (మెటీరియల్‌ను కలిపి దించడం) ద్వారా తప్ప మరో విధంగా దించరాదని. ఎలిమెంటల్ హీరో ఫ్లేమ్ వింగ్‌మన్ వంటి కార్డులు ఈ కట్టుబాటుతోనే వచ్చాయి. సైబర్-స్టైన్‌కూ మెటమార్ఫసిస్‌కూ ఈ వాక్యం ముందరి కాళ్లకు బంధం వేసింది. నా దృష్టిలో కొత్త కార్డు చదివేటప్పుడు మెటీరియల్ తర్వాత వెతకవలసిన మాట ఇదే. అది లేకపోతే తలుపు తెరిచే ఉందని అర్థం.

2008లో సింక్రో అనే కొత్త రకం మాన్‌స్టర్లు రావడంతో, ఫ్యూజన్లను విడిగా ఉంచే ఫ్యూజన్ డెక్ పేరు ఎక్స్‌ట్రా డెక్‌గా మారింది, పరిమితి 15 కార్డులయింది. అంతకు ముందు ఎన్ని ఫ్యూజన్లనైనా ఊరికే పక్కన పెట్టుకునేవారు. ఇక నుంచి ప్రతి కార్డూ తన చోటును పోటీపడి దక్కించుకోవలసిందే.

మరోవైపు మెటీరియల్ వరుస కూడా సడలుతూ వచ్చింది. ఫలానా పేరున్న రెండు మాన్‌స్టర్లు అనే పట్టు పోయి ఫలానా జాతి, ఫలానా గుణం అనే మాట వచ్చింది. ఎలిమెంటల్ హీరో అబ్సొల్యూట్ జీరోకు ఒక హీరో, నీటి గుణమున్న ఒక మాన్‌స్టర్ ఉంటే చాలు. అది ఫీల్డ్ వదిలిపోతూ ప్రత్యర్థి మాన్‌స్టర్లన్నిటినీ నాశనం చేస్తుంది. చిమెరాటెక్ ఫోర్ట్రెస్ డ్రాగన్ ఇంకో అడుగు ముందుకేసింది. సైబర్ డ్రాగన్‌కు తోడు ఫీల్డ్ మీద ఉన్న యంత్ర మాన్‌స్టర్లను, అవి ప్రత్యర్థివైనా సరే, స్పెల్ అవసరం లేకుండానే కలిపేసుకుంటుంది. సూపర్ పాలిమరైజేషన్ అనే స్పెల్ వచ్చాక ఈ భయం యంత్రాలకే పరిమితం కాలేదు. ఒక కార్డు వదులుకుంటే ఇరువైపుల మాన్‌స్టర్లనూ మెటీరియల్‌గా వాడవచ్చు, దానికి ఎదురుగా ఏ కార్డూ వేయడానికి వీల్లేదు. ఒకే గుణం, వేర్వేరు జాతులు ఉన్న రెండు మాన్‌స్టర్లు చాలనే మడ్రాగన్ ఆఫ్ ద స్వాంప్ వంటి కార్డును చూసి అటాక్ 1900 మాత్రమేనని తీసిపారేయడం తప్పు. ప్రత్యర్థి కష్టపడి నిలబెట్టిన రెండింటినీ మాయం చేసినప్పుడే దాని పని సగం పూర్తయింది.

అసలైన మలుపు మాత్రం డెక్ నుంచే మెటీరియల్ తీసుకోవడం. ఫ్యూచర్ ఫ్యూజన్ అనే స్పెల్ ఆ రుచి ముందే చూపించింది. 2014లో వచ్చిన షాడోల్ ఫ్యూజన్ అనే స్పెల్ దాన్ని షరతుతో ఇచ్చింది: ప్రత్యర్థి దగ్గర ఎక్స్‌ట్రా డెక్ నుంచి వచ్చిన మాన్‌స్టర్ ఉంటేనే. పాలిమరైజేషన్ కాలపు లెక్క ఇక్కడ పూర్తిగా తలకిందులైంది. చేతిలోంచి పోయేది ఒక్క స్పెల్, ఫీల్డ్ మీదికి వచ్చేది ఒక మాన్‌స్టర్. పైగా గ్రేవ్‌యార్డ్‌కు వెళ్లిన షాడోల్ మాన్‌స్టర్లు అక్కడ తమ శక్తులు కూడా చూపిస్తాయి. అదే కాలపు ఎల్డర్ ఎంటిటీ నార్డెన్ అనే ఫ్యూజన్ మాన్‌స్టర్ మరో పాఠం చెప్పింది. దాని మెటీరియల్ రెండు సింక్రో లేదా ఎక్సీజ్ (ఎక్స్‌ట్రా డెక్‌లో ఉండే మరో రకం) మాన్‌స్టర్లు. అంత ఖరీదు పెట్టి దాన్ని తయారుచేయాలని ఎవరు అనుకుంటారు? కానీ లెవెల్ 4, కాబట్టి ఇన్‌స్టంట్ ఫ్యూజన్ అనే స్పెల్‌తో 1000 లైఫ్ పాయింట్లకే వచ్చి, గ్రేవ్‌యార్డ్‌లోని చిన్న మాన్‌స్టర్‌ను వెంట తెచ్చుకునేది. అమెరికా, ఐరోపా టోర్నమెంట్లలో దాన్ని నిషేధించారు.

2017లో నియమాలు మారి, ఎక్స్‌ట్రా డెక్ మాన్‌స్టర్లను ఎక్కువగా దించాలంటే లింక్ అనే కొత్త రకం మాన్‌స్టర్లు చూపించే గడులు అవసరమయ్యాయి. ఫ్యూజన్ ఆటగాళ్లకు అవి గడ్డు రోజులు. 2020 ఏప్రిల్‌లో ఆ అడ్డు తొలగింది. ఆ రోజుల్లోనే రెడ్-ఐస్ డార్క్ డ్రాగూన్ అనే ఫ్యూజన్ మాన్‌స్టర్ గురించి పెద్ద గొడవ నడిచింది. 3000 అటాక్ ఉన్న డ్రాగూన్‌ను కార్డు శక్తులతో గురిపెట్టలేరు, నాశనం చేయలేరు. ఒక కార్డు వదులుకుంటే ప్రత్యర్థి శక్తిని అది రద్దు చేస్తుంది కూడా. దాన్ని డెక్ నుంచి చేయగల రెడ్-ఐస్ ఫ్యూజన్ అనే స్పెల్‌కు మాత్రం కఠినమైన షరతు ఉంది: ఆ టర్న్‌లో వేరే మాన్‌స్టర్‌ను దించకూడదు. ప్రెడాప్లాంట్ వెర్టే అనకొండ అనే లింక్ మాన్‌స్టర్ ఆ షరతును పక్కకు నెట్టేసింది. 2000 లైఫ్ పాయింట్లు చెల్లించి స్పెల్‌ను డెక్ నుంచి గ్రేవ్‌యార్డ్‌కు పంపి, దాని ఫలితాన్ని మాత్రం తాను వాడుకుంటుంది. స్పెల్‌ను వేసినట్టు కాదు కాబట్టి ఆ షరతు వర్తించదు. అలా ఏ డెక్‌లోనైనా చివరి మెట్టుగా డ్రాగూన్ నిలబడసాగింది. ముందు డ్రాగూన్, కొంతకాలానికి అనకొండ అమెరికా, ఐరోపా టోర్నమెంట్ల నిషేధ జాబితాలో చేరాయి. నా మటుకు మొదటి ముద్దాయి అనకొండే.

ఆ తర్వాత వచ్చిన బ్రాండెడ్ ఫ్యూజన్ అనే స్పెల్ చేతి నుంచి, ఫీల్డ్ నుంచి, డెక్ నుంచి మెటీరియల్ తీసుకుంటుంది. బదులుగా ఆ టర్న్‌లో ఎక్స్‌ట్రా డెక్ నుంచి ఫ్యూజన్లు తప్ప మరేవీ దించనివ్వదు. 2022 నాటి టియర్‌లామెంట్స్ మాన్‌స్టర్లు గ్రేవ్‌యార్డ్‌లో పడ్డాక అక్కడి నుంచే ఫ్యూజన్ చేస్తాయి, వాటికి స్పెల్ కూడా అక్కర్లేదు.

ఇంత చూశాక గార్డియన్ కైమెరా వంటి కార్డును చేతిలోకి తీసుకుంటే లెక్క ఇలా వేయాలి. మెటీరియల్ వేర్వేరు పేర్లున్న మూడు మాన్‌స్టర్లు, అటాక్ 3300. స్పెల్‌తో చేసినప్పుడు చేతి నుంచి ఎన్ని వాడితే అన్ని కార్డులు తీసుకోవచ్చు, ఫీల్డ్ నుంచి ఎన్ని వాడితే ప్రత్యర్థివి అన్ని నాశనం చేయవచ్చు. చేతి నుంచి రెండు, ఫీల్డ్ నుంచి ఒకటి, పాలిమరైజేషన్ ఒకటి: ఖర్చు నాలుగు. వచ్చినవి రెండు కొత్త కార్డులు, పోయినది ప్రత్యర్థి కార్డు ఒకటి, నిలబడినది కైమెరా. నాలుగుకు నాలుగు. ఫ్లేమ్ స్వోర్డ్స్‌మన్ నాడు మూడు ఇచ్చి ఒకటి పుచ్చుకున్న అదే పాలిమరైజేషన్‌తో.