సరయేవో పిల్లల పుస్తకం గురించి మీకో ఉత్తరం

చిన్నారులకు ప్రేమతో,

మొన్న టీవీలో యుద్ధం వార్తలు వస్తుంటే మీలో చిన్నది అడిగింది, "అమ్మమ్మా, అక్కడి పిల్లలకి బడి ఉంటుందా?" అని. నేను "ఉండదు తల్లీ" అనేసి ఛానల్ మార్చేశాను. ఆ జవాబు తప్పు. తప్పని తెలిసి కూడా తొందరలో అలా అన్నాను. అప్పటినుంచీ అదే మనసులో మెదులుతోంది. సరైన జవాబు ఒక పుస్తకంలో ఉంది, అది నా దగ్గర ఉంది కూడా. మీకు పంపేముందు దాని గురించి నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

పుస్తకం పేరు 'వార్ చైల్డ్‌హుడ్'. యుద్ధంలో బాల్యం అని అర్థం. 2013లో వచ్చింది. దీన్ని కూర్చినతని పేరు యాస్మింకో హలీలోవిచ్. 1988లో పుట్టాడు. అతను ఇంకా చిన్న పిల్లాడిగా ఉండగానే యూరప్‌లోని బోస్నియా దేశ రాజధాని సరయేవో చుట్టూ ముట్టడి మొదలైంది. పెద్దయ్యాక, 2010లో, తనలాగే యుద్ధంలో పెరిగినవాళ్లని ఇంటర్నెట్‌లో ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు: నీకు యుద్ధంలో బాల్యం అంటే ఏమిటి? జవాబు 160 అక్షరాలు దాటకూడదని షరతు పెట్టాడు. ఒక ఎస్సెమ్మెస్‌లో పట్టేది అంతే. వెయ్యికి పైగా జవాబులు వచ్చాయి. ఆ చిన్న చిన్న జవాబులే ఈ పుస్తకానికి ప్రాణం.

ఆ షరతు నాకు చాలా నచ్చింది. 160 అక్షరాల్లో ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేరు. నాలుగేళ్ల యుద్ధ జీవితంలోంచి ఒక్కటే చెప్పమంటే, మనసులో అన్నిటికంటే లోతుగా దిగినదే బయటికొస్తుంది. ఒకరికి అది భయం. ఇంకొకరికి ఏదో తిండి మీద ఆశ. మరొకరికి ఒక స్నేహితుడు.

పుస్తకం తెరిచేముందు మీరు కొంచెం ఊరి సంగతి తెలుసుకోవాలి. జవాబులు రాసినవాళ్లకి అది తెలుసు కాబట్టి వాళ్లు చెప్పరు. సరయేవో ఒక లోయలో ఉంటుంది. మధ్యలో మిల్యాత్స్కా అనే చిన్న నది, చుట్టూ కొండలు. 1984లో అక్కడ శీతాకాల ఒలింపిక్స్ జరిగాయి. త్రెబెవిచ్ కొండ మీద మంచు బండ్ల పందేలు పెట్టారు. ఎనిమిదేళ్లు తిరిగేసరికి ఆ కొండల మీదికే ఫిరంగులు వచ్చాయి. పైనుంచి చూస్తే ఊళ్లో ప్రతి వీధీ కనిపిస్తుంది, ఎవరు ఎటు నడుస్తున్నారో కూడా.

అప్పటిదాకా బోస్నియా యుగోస్లావియా అనే పెద్ద దేశంలో భాగం. 1991లో ఆ దేశం ముక్కలవడం మొదలైంది. 1992 ఫిబ్రవరి 29, మార్చి 1 తేదీల్లో బోస్నియాలో ఓటింగ్ జరిగింది. ఓటేసినవాళ్లలో చాలా ఎక్కువమంది స్వతంత్రం కావాలన్నారు. అక్కడి సెర్బు నాయకులు (సెర్బులంటే అక్కడి ఒక జాతివాళ్లు, ఎక్కువమంది ఆర్థడాక్స్ క్రైస్తవులు) ఒప్పుకోలేదు, వాళ్ల పిలుపు మీద సెర్బుల్లో చాలామంది ఓటేయడానికే వెళ్లలేదు. యుగోస్లావియా సైన్యం, ఆ తర్వాత బోస్నియా సెర్బు సైన్యం సరయేవోని చుట్టుముట్టాయి. 1992 ఏప్రిల్ 5 నుంచి 1996 ఫిబ్రవరి 29 వరకు, మొత్తం 1,425 రోజులు.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్తాను. "ముస్లింలకీ సెర్బులకీ పడదు, అందుకే కొట్టుకున్నారు" అని చాలామంది ఒక్క ముక్కలో తేల్చేస్తారు. మీరు అలా అనుకోవద్దు. సరయేవోలో ముస్లింలు, సెర్బులు, క్రోట్లు (ఎక్కువమంది కేథలిక్ క్రైస్తవులైన ఇంకో జాతివాళ్లు), కొద్దిమంది యూదులు ఒకే మెట్ల దారిలో ఎదురెదురు ఇళ్లలో ఉండేవాళ్లు. మాట్లాడే భాష ఒకటే. పక్కింటివాణ్ణి వాళ్లు 'కొమ్షియా' అంటారు. ముట్టడిలో సెర్బులు కూడా వేలమంది ఊళ్లోనే ఉండిపోయారు, వాళ్లూ అవే గుండ్ల కింద బతికారు. ఊరిని కాపాడిన సేనానుల్లో ఒకరైన యోవాన్ దివ్యాక్ సెర్బు. యుద్ధం నడుస్తుండగానే, 1994లో, తల్లిదండ్రుల్ని పోగొట్టుకున్న పిల్లల చదువు కోసం ఒక సంస్థ పెట్టి, 2021లో చనిపోయేదాకా ఆ పనిలోనే ఉన్నారు.

సరే, ఇప్పుడు చిన్నదాని ప్రశ్న. బడి ఉండేది. బడి భవనాల్లోకి పిల్లల్ని పంపడం ప్రమాదం కాబట్టి టీచర్లే పిల్లల దగ్గరికి వచ్చారు. అపార్ట్‌మెంట్ల కింద సెల్లార్లలో, మెట్ల దగ్గర పాఠాలు చెప్పారు. మెట్ల దగ్గరే ఎందుకంటే, అటూ ఇటూ గోడలుండి కిటికీలు తక్కువగా ఉన్న చోటు అదే. దగ్గర్లో గుండు పడినా అద్దం ముక్కలు వచ్చి గుచ్చుకోవు. ఆ టీచర్లూ గుండ్లు పడే వీధులు దాటే వచ్చేవాళ్లు. నేనూ పాఠాలు చెప్పిన మనిషినే కదా, ఆ సంగతి చదివినప్పుడు పుస్తకం ఒళ్లో పెట్టుకుని చాలాసేపు ఊరికే కూర్చున్నాను.

బడి కంటే నీళ్ల సంగతి మీరు ఇంకా శ్రద్ధగా చూడాలి. యుద్ధం అంటే మనకి టీవీలో పేలుళ్లే కనిపిస్తాయి. అక్కడి ఇళ్లలో మాత్రం రోజులో ఎక్కువ భాగం నీళ్ల కోసమే పోయేది. కరెంటు పోతే పంపులు ఆగిపోతాయి, పంపులు ఆగితే కొళాయిలో చుక్క రాదు. ఊళ్లో పాత బీరు ఫ్యాక్టరీ ఒకటి ఉంది, దానికి సొంత ఊట ఉంది. జనం ప్లాస్టిక్ క్యాన్లు పట్టుకుని అక్కడికి వచ్చి వరసలో నిలబడేవాళ్లు. పిల్లలు కూడా. ఐదు లీటర్ల క్యాన్ అంటే ఐదు కిలోలు, రెండు చేతులకీ రెండైతే పది. కరెంటు లేదు కాబట్టి లిఫ్టూ లేదు. పదో అంతస్తు దాకా మెట్లెక్కి మోయాలి. ఆ నీళ్లతోనే తాగడం, వంట, స్నానం, బట్టలు, ఆఖరికి మిగిలిన మురికి నీళ్లు టాయిలెట్‌కి. పైగా ఆ వరసల మీద కూడా గుండ్లు పడ్డాయి. నీళ్లకని వెళ్లినవాళ్లు తిరిగి రాని ఇళ్లున్నాయి. పుస్తకంలో క్యాన్ అన్న మాట కనిపిస్తే ఇదంతా గుర్తు తెచ్చుకోండి. రాసినవాళ్లు ఒక్క మాటే రాసి వదిలేస్తారు.

చలికాలం గురించి కూడా అంతే. పార్కుల్లో చెట్లు కొట్టేశారు. అవి అయిపోయాక కుర్చీలు, పాత బూట్లు, చివరికి పుస్తకాలు పొయ్యిలో పెట్టారు. పగిలిన కిటికీలకి ఐక్యరాజ్యసమితి ఇచ్చిన ప్లాస్టిక్ షీట్లు అంటించుకున్నారు. తిండి చాలావరకు విమానాల్లో వచ్చిన సాయం, డబ్బాల్లో మాంసం, బియ్యం, పప్పులు. 1993లో విమానాశ్రయం కింద సుమారు 800 మీటర్ల సొరంగం తవ్వి కొంత సరుకు తెచ్చుకోగలిగారు. పెద్దవాళ్లు అందులో వంగే నడవాలి.

మీకు ఒకటి వింతగా అనిపించవచ్చు. ఈ పుస్తకంలో సంతోషం కూడా ఉంది. పిల్లలు ఆడుకున్నారు, గుండ్ల తునకలు పోగుచేసి గోళీల్లా ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకున్నారు, సెల్లార్లలో స్నేహాలు చేశారు. అది చదివి "అయితే మరీ అంత కష్టం కాదన్నమాట" అనుకోకండి. ఆ ఆట వెనక ఒక అమ్మ తన వాటా తిండి తగ్గించుకుంది, ఒక నాన్న వరసలో నిలబడ్డాడు. పిల్లలకి ఆ రోజు ఆటలా గుర్తుండిపోవాలని పెద్దవాళ్లు ఎంత కష్టపడ్డారో 160 అక్షరాల్లో పట్టదు. 1994 జనవరి 22న అలిపాషినో పోల్యె అనే పేటలో మంచులో ఆడుకుంటున్న పిల్లల మీద మోర్టార్ గుండ్లు పడ్డాయి. ఆరుగురు చనిపోయారు. ఆట కూడా క్షేమం కాదని తెలిసే పిల్లలు బయటికి వెళ్లారు, తెలిసే పెద్దవాళ్లు కొన్నిసార్లు వెళ్లనిచ్చారు. నాలుగేళ్లు ఒక పిల్లాణ్ణి గదిలో ఎలా పెడతాం చెప్పండి.

ఎవరు కాల్చారు, వాళ్లకి ఏమైంది అని మీరు తప్పకుండా అడుగుతారు. పుస్తకం ఆ జోలికి పోదు, కానీ జవాబు ఉంది. నెదర్లాండ్స్‌లోని హేగ్ నగరంలో ప్రత్యేక కోర్టు పెట్టి విచారించారు. ముట్టడి నడిపిన సేనాధిపతుల్లో ఒకడైన స్తానిస్లావ్ గాలిచ్‌కి 2006లో యావజ్జీవ శిక్ష పడింది. మామూలు జనంలో భయం పుట్టించడానికే వాళ్లని కాల్పించాడని కోర్టు తేల్చింది. బోస్నియా సెర్బుల నాయకుడు రదోవాన్ కరాజిచ్‌కి 2019లో యావజ్జీవం ఖాయమైంది. ఇది తెలియకుండా చదివితే, యుద్ధం వానలా దానంతటదే వచ్చి పోయిందనిపిస్తుంది. దాన్ని తెచ్చినవాళ్లు మనుషులే, పేర్లున్న మనుషులు.

ఇంకో సంగతి నన్ను ఇప్పటికీ వదలదు. 2012 ఏప్రిల్ 6న సరయేవో ప్రధాన వీధిలో 11,541 ఎర్ర కుర్చీలు వేశారు, ముట్టడిలో చనిపోయినవాళ్లు ఒక్కొక్కరికీ ఒక కుర్చీ. ఖాళీ కుర్చీలు. వాటిలో 643 చిన్నవి, పిల్లలవి. జనం వచ్చి ఆ చిన్న కుర్చీల మీద బొమ్మలు, పూలు పెట్టి వెళ్లారు. మీరు చదవబోయే జవాబులన్నీ బతికి పెద్దయినవాళ్లవి. ఆ 643 మందిని ఎవరూ అడగలేకపోయారు. చదువుతూ నవ్వొచ్చిన చోట నవ్వండి, తప్పులేదు, వాళ్లని మాత్రం మరిచిపోవద్దు.

ఈ పుస్తకం వచ్చాక చాలామంది తాము దాచుకున్న వస్తువుల కథలు కూడా చెప్పడం మొదలుపెట్టారు. హలీలోవిచ్ వాటితో 2017 జనవరిలో సరయేవోలో ఒక మ్యూజియం తెరిచాడు. బొమ్మలు, డైరీలు, బట్టలు, ఉత్తరాలు, ఒక్కో వస్తువు పక్కన దాని యజమాని చెప్పిన మాటలు. ఇప్పుడు ఉక్రెయిన్ పిల్లల వస్తువులు, సిరియా నుంచి వెళ్లిపోయిన పిల్లల వస్తువులు కూడా అక్కడ చేరాయి.

ఇంత బరువైనది పిల్లలకెందుకని మీ నాన్న అన్నాడు. వాడి బాధ నాకు అర్థమవుతుంది. కానీ దీన్ని రాసినవాళ్లంతా మీ వయసులోనే ఇదంతా చూశారు. మీరు చదవగలరని నా నమ్మకం, ఒంటరిగా మాత్రం వద్దు. రాత్రి పడుకునేముందు వద్దు. ఒక్కసారి పది జవాబులకి మించి చదవద్దు. పది అయ్యాక పుస్తకం మూసి, వాటిలో మీకు గుర్తున్నది ఏదో ఒకరికొకరు చెప్పుకోండి.

పుస్తకం వచ్చే ఆదివారం మీ అమ్మతో పంపిస్తాను. కొన్ని పేజీల్లో పెన్సిల్‌తో చిన్న గీతలుంటాయి, అవి నావి. చిన్నదానికి పెద్దది చదివి వినిపించాలి. మొదటి పదీ అయ్యాక నాకు ఫోన్ చేయండి, నేను గీత పెట్టిన చోటే మీరూ ఆగారేమో చూద్దాం.

మీ అమ్మమ్మ